సూరత్‌లో మొదటి బోనం ఎవరి వంతు?

"నా పదవి పోయిందిరా, పండుగకు రా" అని ఫోన్‌లో పిలిచాడు మా రాజమౌళి. పదవి వచ్చిందని పిలిచి భోజనం పెట్టినవాళ్ళను చూశాను. పదవి పోయి వీధిలో ఎదురుపడకుండా తిరిగినవాళ్ళనూ చూశాను. పోయిందని సంబరంగా పిలిచినవాణ్ణి మాత్రం ఈ వయసు దాకా చూడలేదు. అదేదో కళ్ళారా చూడాలని, రెండు టీకాలూ పడ్డ ధైర్యంతో, 2021 ఆషాఢంలో వరంగల్‌లో సూరత్ రైలెక్కాను. మన వైపు నుంచి ఆ ఊరికి పనికోసం వెళ్ళేవాళ్ళే ఎక్కువ, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఎవరైనా వెళ్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. సూరత్‌లో, ఆల్థాన్ వైపు, ఒక ఉపాసనా సభ ఉంది. పేరు రాయొద్దని వాళ్ళే అడిగారు, కాబట్టి సభ అనే అంటాను. విగ్రహం లేదు, పూజారి లేడు. ఆదివారం హార్మోనియం పెట్టుకుని నాలుగు మతాల పాటలూ పాడుకుంటారు. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. ఆ సభ ఒకప్పుడు రాత్రిబడి నడిపేది. మన కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వెళ్ళిన కార్మికులు అక్కడ అక్షరాలు నేర్చుకున్నారు. నేర్చుకున్నవాళ్ళు ఊరుకోకుండా హాలు వెనక వాకిట్లో ఒక వేపమొక్క నాటారు. మొక్క పెరిగాక దాని మొదట్లో ఒక రాయి పెట్టి పసుపు పూశారు. ఇంకేముంది, పోచమ్మ తల్లి వెలిసింది. దేవుడికి రూపమే లేదని ముందు హాల్లో పాడుతుంటే వెనకాల రూపం పుట్టుకొచ్చిందన్నమాట. సభవాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుని చివరికి, చెట్టునూ మట్టినీ నీటినీ కొలిచేవాళ్ళూ మనవాళ్ళేనని ఒప్పుకున్నారు. జంతుబలి ఉండకూడదన్నారు. సరే, గుమ్మడికాయ కొట్టుకుంటామన్నారు వీళ్ళు. అలా పుట్టిందే వేపచెట్టు మండలి. దానికి మొదటి నుంచీ అధ్యక్షుడు మా రాజమౌళి.

రైలు సాయంత్రం బయలుదేరి బల్లార్షా, భుసావల్, నందుర్బార్ మీదుగా మర్నాడు మధ్యాహ్నానికి సూరత్ చేరుతుంది. స్లీపర్‌కు ఆరువందల పైచిలుకు అయింది. ఆ రోజుల్లో ఏసీ బోగీలో కూడా దుప్పట్లు ఇవ్వడం లేదు, కాబట్టి స్లీపర్ ఎక్కినందుకు నాకేమీ చిన్నతనం అనిపించలేదు. స్టేషన్ బయట ఆటో అతను నన్నూ, నా సంచినీ, నా మాస్కునూ వరసగా చూసి, "కాకా, మూతికి కాదు, ముక్కుకు పెట్టుకోవాలి" అని హిందీలో సలహా ఇచ్చాడు. వడోద్‌కు రెండు వందలు అడిగాడు. నూట యాభై అన్నాను. "ముక్కు మూసుకుంటే నూట డెబ్బై" అన్నాడు. ముక్కు మూసుకున్నాను. ఇప్పటి వరకు ఏ బేరంలోనూ నాకు ఇంత తేలిగ్గా ముప్పై రూపాయలు మిగల్లేదు.

వడోద్‌లో రాజమౌళిది ఒక గది ఇల్లు. అక్కడ ఖోలీ అంటారు. వరసగా ఖోలీలు, మధ్యలో సన్నటి సందు, అటు పక్క సాంచల చప్పుడు. ఆ చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ వాడి గొంతు మైకు అక్కర్లేకుండా తయారైంది. నేను నలభై ఏళ్ళు జనగామలో రేడియోలు బాగుచేసినవాణ్ణి, గొంతు తగ్గించే మీట ఎక్కడుంటుందో నాకు తెలుసు గానీ రాజమౌళికి దేవుడు అది పెట్టలేదు.

"ఏందిరా, పదవి పోయినోడు ఇంత లావైతడా?" అన్నాను.

"బరువు దిగిందిరా. గందుకే తింటున్న" అన్నాడు.

చాయ్ తాగుతూ సంగతంతా చెప్పాడు. మొదటి లాక్‌డౌన్‌లో హాలు మూతపడింది. సగం మంది నడిచీ, లారీలెక్కీ ఊళ్ళకు పోయారు. వాడూ పోయాడు. అధ్యక్షుడు లేడు, చెట్టు దగ్గరికి పోనివ్వరు. అప్పుడు వడోద్‌లో, భేస్తాన్‌లో, ఆల్థాన్‌లో ఉండిపోయిన ఆడవాళ్ళు ఎవరి బస్తీలో వాళ్ళు డాబాల మీదే బోనాలు చేసుకున్నారు. పొయ్యిలు కలిపి గంజి కాచి ఎవరు ఆకలితో ఉంటే వాళ్ళకు పోశారు. వీడు తిరిగొచ్చి చూసేసరికి మండలి ఒకటి కాదు, మూడు. మూడూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి.

"మళ్ళ కలుస్తం గనీ అధ్యక్షుడు వద్దన్నరు. బస్తీకి ఇద్దరు, అండ్ల ఒకరు ఆడమనిషి ఉండాలె. ఏ సంగతైనా గుండ్రంగ కూసొని అందరు మాట్లాడినంకనే తెగాలె. ఇక మొదటి బోనం ఎప్పటికీ నా ఇంటిదే ఉండె గదా, అది గూడ వంతులు పెట్టిండ్రు."

"నువ్వేమన్నవు?"

"పది రోజులు అలిగిన. ఎవ్వలు బతిమిలాడలే. ఇగ అలిగి ఏం లాభం?"

నవ్వేశాను. వాడు మాత్రం నవ్వలేదు. ఈ ఏటి వంతు వడోద్‌ది, అక్కడ చీటీలు వేస్తే పడింది లసుమక్కకు. రెండు గదుల అవతలే ఆమె ఇల్లు. మొన్న ఎండాకాలం కరోనా రెండో దెబ్బలో ఆమె భర్త ఓదెలు ఆక్సిజన్ కోసం తిరుగుతూనే పోయాడు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది పండుగ చేయరు కదా. ఇక మొదటి బోనమంటే ముందు నడవడం, అందరికంటే ముందు చెట్టు దగ్గర దించడం. భేస్తాన్ వైపు అప్పుడే గొణుగుడు మొదలైంది.

"రేపు ఆమెను ఎత్తనిస్తరో లేదో" అన్నాడు రాజమౌళి. "గదే నా రంది."

సందులోకి వచ్చి చూస్తే లసుమక్క గుమ్మంలో కూర్చుని కుండకు సున్నం పూస్తోంది. నలభై అయిదేళ్ళుంటాయి. వెనకాల ఆమె అత్త ఎల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎల్లవ్వ ఎవరితోనూ ఏమీ అనడం లేదు. కొడుకు పోయినప్పటి నుంచీ అంతేనట. "ఎత్తుతున్నవా అక్కా?" అని అడిగాను. "కుండకైతే సున్నం పూస్తున్న. మిగతాది రేపు" అంది లసుమక్క, తల ఎత్తకుండా.

ఆదివారం పొద్దున్నే రాజమౌళి నాకు లోచో పెట్టించాడు. శనగపిండితో చేస్తారు. ఢోక్లా చేయబోయి చెడిపోయిన ముద్దకు నూనె, సేవ్ వేసి అమ్మితే జనం ఎగబడ్డారని అక్కడ చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో గానీ ప్లేటు నలభై రూపాయలకు కడుపు నిండింది. తప్పును కూడా ఇంత ఇష్టంగా తినే ఊరు నాకు నచ్చింది. తర్వాత ఆటోలు వచ్చాయి. ఆ ఏడు ఊరేగింపుకు అనుమతి లేదు, కాబట్టి బోనం నెత్తికెక్కే ముందు ఆటో ఎక్కాల్సిందే. ఆడవాళ్ళు ఒళ్ళో కుండలు పెట్టుకుని, వేపకొమ్మలు బయటికి ఊగుతుండగా కూర్చున్నారు. వడోద్ నుంచి ఆల్థాన్‌కు షేర్ ఆటోలో మనిషికి ఇరవై. కుండకు టికెట్ అడగలేదు.

హాలు గేటు దగ్గర హంసాబెన్ నమస్కారం పెట్టింది. సభ తరఫున మండలి మంచీ చెడూ చూసే రిటైర్డ్ టీచరమ్మ, తెల్ల చీర, తెల్ల మాస్కు. హిందీలో నిదానంగా మాట్లాడుతుంది. "మీకు విగ్రహం మీద నమ్మకం లేదు కదా, ఈ రాయి మీకు ఇబ్బందిగా లేదా?" అని ఆగలేక అడిగాను. "రాయితో ఎప్పుడూ ఇబ్బంది లేదు భాయ్. మా సభలో ఎవరూ ఎవరికన్నా పెద్ద కాదు, ఆ ఒక్క షరతే మాది. ఇన్నేళ్ళు మీ స్నేహితుడి కుర్చీతోనే ఇబ్బంది. మొహమాటపడి ఊరుకున్నాం" అని కళ్ళతో నవ్వింది. పక్కనే ఉన్న రాజమౌళి దగ్గాడు. ఆ రోజుల్లో దగ్గితే అందరూ రెండడుగులు వెనక్కి వేసేవారు. వేశారు.

తల్లి ముందు ధారగా పోసే సాకకు కల్లు లేదు. గుజరాత్‌లో మద్యం మీద నిషేధం, తల్లికి కూడా మినహాయింపు లేదు. పసుపు నీళ్ళలో వేపాకు, బెల్లం కలిపి పెట్టారు. గేటు దగ్గర కుండలు వరసగా దించారు. లసుమక్క కుండ ముందు పెట్టగానే భేస్తాన్ శంకరయ్య ముందుకొచ్చాడు. మంచివాడే, గంజి రోజుల్లో బియ్యం మోసినవాడే. పద్ధతి అంటే పట్టింపు.

"అక్కా, నీ మీద కోపం లేదు. ఏడాది తిరగలే. సావు ముట్టుడున్న ఇల్లు. తల్లికి కోపమొస్తే మళ్ళ ఎవలింట్ల పోతరో."

గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరూ మాట్లాడారు. ఎత్తాలన్నవాళ్ళు కొందరు, వచ్చే ఏడుకు వంతు జరుపుదామన్నవాళ్ళు కొందరు. నా వంతూ వచ్చింది. చుట్టాలకు కూడా మినహాయింపు లేదట, పైగా మనిషికి ఒక్క ముక్కే చెప్పాలట. నా బతుకంతటిలో నన్ను ఒక్క ముక్కతో ఆపినవాళ్ళు వీళ్ళే. "విననీకి వచ్చిన" అన్నాను. రాజమౌళి దాకా వచ్చేసరికి అందరూ వాడి వైపు తిరిగారు. పాత అలవాటు. వాడు ఏమంటే అదే తెగుతుంది. ఒక్క మాట అంటే చాలు, వాడు కోరుకున్నట్టే లసుమక్క బోనం ఎత్తేది.

"నన్ను గట్ల చూడకుండ్రి" అన్నాడు రాజమౌళి. "ఇయ్యాల నేను తెంపితే రేపు మళ్ళ అధ్యక్షుణ్ణే అయిత. గుండ్రంగ కూసున్నోళ్ళే తెంపాలె."

అంత గొంతూ ఎక్కడికి పోయిందో, మెల్లగా అన్నాడు. హంసాబెన్ వైపు చూస్తే, ఆమె చేతులు జోడించి, "చెట్టు మీది. నేను తీర్పు చెప్పను" అంది.

శంకరయ్యకు సందు దొరికింది. "సరే. ఒక్క లసుమక్కనని కాదు. పద్ధతంటే అందరికీ పద్ధతే. ఏడాదిల మనిషి పోయిన ఇంటోళ్ళు అందరు కుండ తీసుకొని పక్కకు జరుగుండ్రి."

లసుమక్క లేచి తన కుండ తీసి పక్కన పెట్టింది. ఆమె వెనకాల ఇంకొకామె లేచింది. తమ్ముడు పోయాడు. ఆల్థాన్ నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు లేచారు. ఒకామె ఊళ్ళో మామ పోతే చూడ్డానికి కూడా పోలేకపోయింది, ఆ మాట చెప్తూ లేచింది. వరసలో ఖాళీలు పడుతూ పోయాయి. చివరికి శంకరయ్య భార్య లచ్చవ్వ కూడా వంగి కుండ ఎత్తుకుంది.

"నువ్వెటు పోతవే?" అన్నాడు శంకరయ్య.

"మీ పెద్దనాయిన కొడుకు పోలేదా? పాలోళ్ళకు ఏడాది లేదా? పద్ధతంటే అందరికీ పద్ధతే అంటివి."

ఎవరో కిసుక్కుమన్నారు. వరసలో నాలుగైదు కుండలు మాత్రం మిగిలాయి. శంకరయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. ఎటు చూసినా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళే కనబడుతున్నారు. మాస్కు పైన అతని కళ్ళు తడిసినట్టు నాకు అనిపించింది.

ఇక మిగిలింది లసుమక్క మాటే. సంగతి ఎవరిదో వాళ్ళు చివర మాట్లాడాలని కొత్త పద్ధతి.

"ఇన్నేండ్లు నేను ఎత్తిన బోనం మా ఇంటాయనకు కాదు, అమ్మకు. ఆయన పోయిండు. అమ్మ ఉన్నది. నాకు మొదలు నడవాలని ఉన్నది" అంది.

గుండ్రంలో ఎవరూ కాదనలేదు. శంకరయ్య తల ఊపాడు. కానీ కాదనకపోవడం వేరు, చెయ్యి వేయడం వేరు. బోనం కుండ ఎవరికి వాళ్ళు నెత్తికెత్తుకోరు, ఇంకొకరు ఎత్తి పెట్టాలి. లసుమక్క చుట్టబట్ట తల మీద పెట్టుకుని నిలబడింది. ఎవరు ముందుకు రావాలో తెలియక ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు ఎల్లవ్వ లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మెల్లగా వచ్చి, కుండ మీద దీపం కొండెక్కకుండా రెండు చేతులా ఎత్తింది.

"జర వంగు. నాకు అందుతలేదు" అంది కోడలితో.

లసుమక్క వంగింది. కుండ కుదురుకుంది. డప్పు మొదలైంది. పక్కకు జరిగిన కుండలన్నీ మళ్ళీ వరసలోకి వచ్చాయి. లచ్చవ్వ కుండను శంకరయ్యే ఎత్తి పెట్టాడు. గేటు నుంచి వేపచెట్టు దాకా ఎంత దూరమని, నాలుగు గంతులు. ఆ నాలుగు గంతుల దారీ లసుమక్క ముందు నడిచింది. చెట్టు దగ్గర కుండ దించాక, ఓదెలు పోయాక మొదటిసారిగా, ఎల్లవ్వ గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. హంసాబెన్ పక్కనే నిలబడింది.

సంఘాలు, కమిటీలు నేను చాలా చూశాను. కుర్చీ కోసం విడిపోయినవే ఎక్కువ. ఇక్కడ కుర్చీ తీసేసినవాళ్ళూ, కుర్చీ పోయినవాడూ ఒకే చాప మీద పులిహోర తిన్నారు. తీర్పు చెప్పగలిగిన ఇద్దరూ చెప్పకుండా ఊరుకున్నారు, అది నాకు మాటలకన్నా పెద్ద పని అనిపించింది. శంకరయ్యను కూడా నేను తక్కువ చేయను. పద్ధతి తన ఇంటి దాకా వచ్చినప్పుడు మొండికేయకుండా తల ఊపడం అందరికీ చేతకాదు. తిరుగు రైల్లో రాజమౌళి మాటలు తలుచుకుంటే వాడు బరువు దిగిందన్నది అబద్ధం కాదనిపించింది. మహమ్మారి చాలా మందిని తీసుకుపోయింది, దానికి నేను ఏ మంచీ అంటగట్టను. మిగిలినవాళ్ళు ఒకరినొకరు ఎలా నిలబెట్టుకున్నారన్నది మాత్రం నా కళ్ళతో చూశాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. ఆషాఢంలో ఆదివారం చూసుకుని వెళ్ళండి. ఆడవాళ్ళు వెంట ఉంటే బోనం ఎత్తుకోవచ్చు, ఏ ఊరు, ఏ కులం అని అడగరు. మట్టికుండ మాత్రం రైల్లో పట్టుకెళ్ళకండి, భుసావల్ దాటేలోపు పగులుతుంది. ఇత్తడి బిందె తీసుకెళ్ళండి. అది నెత్తికెత్తే చేతులు అక్కడే దొరుకుతాయి.