పులి–మేక విడుదలైన వేసవి

బ్రాడ్‌బ్యాండ్ మా ఊళ్లకు కొత్తగా వచ్చిన రోజులవి. నేనూ, కడపలో నాతోపాటు ఎంసీఏ చదివిన స్నేహితుడూ కలిసి పులి–మేక ఆటను ఇంటర్నెట్‌లోకి ఎక్కించే పనిలో పడ్డాం. అరుగుల మీద గీతలు గీసుకుని ఆడే ఆటే. కాకపోతే ఒకరు కడపలో, ఇంకొకరు కర్నూలులో కూర్చుని ఆడుకోవచ్చు. స్నేహితుడి మామ నడిపే నెట్ సెంటర్ వెనక గదే మా ఆఫీసు.

మా నాయనకు ఇది నచ్చలేదు. కర్నూలులో మాది బట్టలంగడి. చదువయ్యాక వచ్చి అంగట్లో కూర్చుంటానని ఆయన ఆశ. నేను కడపలోనే ఉండిపోయేసరికి నాతో మాటలు తగ్గించాడు.

వేసవి సెలవులు మొదలయ్యే రోజున ఆటను విడుదల చేయాలనుకున్నాం. అప్పటికే చదరంగం, క్యారమ్స్ ఆడించే పెద్ద సైట్లున్నాయి. వాటిలో ఒకటి అదే వారం కొత్త క్రికెట్ ఆట తెస్తోందని పేపర్లో ప్రకటన పడింది. వాళ్లకన్నా ముందే వదిలేద్దామని నేను పట్టుబట్టాను. నాయనకు ఏదో ఒకటి చేసి చూపించాలన్న ఆత్రం నాది. స్నేహితుడు ఒప్పుకోలేదు. లైను నెమ్మదిస్తే మేకలు కదలకుండా నిలిచిపోతున్నాయి.

"ఒకసారి మేక కదలకుంటే, ఆడేటోడు మళ్లీ రాడు రా" అన్నాడు.

మాటా మాటా పెరిగింది. నేను అలిగి కర్నూలు బస్సెక్కాను.

ఇంట్లో భోజనం దగ్గర నాయనే అడిగాడు, "ఎప్పుడు తెరుస్తాండారు?" అని, అంగడి గురించి అడిగినట్టే. ఉన్నదంతా చెప్పాను. మా వీధిలో పెద్ద షోరూము తెరిచిన రోజే పోటీగా తానూ కొత్త సరుకు దించానని, ఒక్కరూ మెట్లెక్కలేదని చెప్పాడు. ఆ సంగతి నాకప్పటిదాకా తెలియదు.

"జనాన్ని ఆడికి పోయి రానీప్పా. ఈలోపల నీ సరుకు బాగు చేసుకో" అన్నాడు.

తిరిగి వెళ్లి స్నేహితుడి పక్కన కూర్చున్నాను. అతను కుర్చీ కాస్త జరిపాడు. మేకలన్నీ సరిగ్గా కదిలాకే, సెలవులు సగం గడిచాక విడుదల చేశాం.

అప్పటికి పిల్లలంతా ఆ సైటు క్రికెట్ ఆటలో మునిగిపోయారు. మా ఆట వైపు ఎవరూ చూడలేదు. స్నేహితుడు దిగాలుగా తెర ముందు కూర్చుని ఉండగా, ఒక మధ్యాహ్నం కర్నూలు నుంచి ఎవరో ఆటకు దిగి అతణ్ణి చిత్తుగా ఓడించారు. సాయంత్రం నాయన ఫోన్ చేశాడు.

"మీవోనికి పులిని యాడ కట్టేయాల్నో తెలీదు. ఆట మాత్రం శానా బాగుండాది."

ఆ తర్వాత బేరాల్లేని మధ్యాహ్నాల్లో ఆయన తోటి వ్యాపారులను కూడా కర్నూలులోని నెట్ సెంటర్‌కు తీసుకెళ్లేవాడు. మాకు దక్కిన ఆటగాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. పెద్ద సైట్లకు మేమున్నట్టే తెలిసి ఉండదు.

మరుసటి ఏడాది ఆటను ఆపేశాం. స్నేహితుడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, నేను కడపలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. ఆపిన రోజు ఇద్దరం బయటికొచ్చి టీ తాగాం. ఇంకో ఆట చేద్దామా అని అతనడిగితే, చేద్దామన్నాను.