నీలం కారు గురించి నేను చెప్పని మాట

ఇరవై మూడేళ్ల వయసులో నాకు ఒక కారు మీద మనసు పడింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది కానీ, ఆ రోజుల్లో అంతకంటే పెద్ద కోరిక నాకు లేదు. మాది ఎల్లారెడ్డి. కామారెడ్డిలో ఒక రక్త పరీక్షల ల్యాబులో పని చేసేదాన్ని. పొద్దున్నే బస్సెక్కి లింగంపేట, తాడ్వాయి దాటి గంటకు పైగా ప్రయాణం. సగం రోజులు నిలబడే పోయేదాన్ని. కిటికీలోంచి మా బస్సును దాటిపోయే కార్లను చూసేదాన్ని. కొన్ని దాటిన తర్వాత కూడా వాటి చప్పుడు కాసేపు వినబడేది. నాకు కావలసింది ఆ చప్పుడే.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ బీడీలు చుట్టి నన్ను పెంచింది. అమ్మతో పాటు పెంచినవాడు మా మేనమామ. ఆయన డెంటింగ్ పని చేసేవాడు, అంటే గుద్దుకుని నుజ్జయిన కార్లకు మళ్లీ కారు రూపం తెచ్చేవాడు. ఊరి చివర రేకుల షెడ్డు. సెలవుల్లో అక్కడికి పోయి, రిపేరుకొచ్చిన కార్లను లోపలికీ బయటికీ జరుపుతూ నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆడపిల్లకు స్టీరింగ్ ఎందుకని ఎవరో అంటే, మామ నవ్వి ఊరుకున్నాడే తప్ప నన్ను దిగమనలేదు.

పాత కారు ఎలా చూడాలో కూడా ఆయనే నేర్పాడు. పొద్దున పోవాలి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎండలో చూడాలి, నీడలో రంగు అబద్ధం చెబుతుంది. బానెట్ నట్ల మీద పానా గీతలున్నాయా, తలుపు అంచున ఉండే రబ్బరు కింద రేకు నునుపుగా ఉందా, నాలుగు టైర్లూ ఒకేలా అరిగాయా చూడాలి. వేలి కణుపుతో రేకు మీద కొట్టి వినాలి. ఇవన్నీ నాకు నోటికొచ్చు. నోటికొచ్చినంత మాత్రాన ఏమీ కాదని తర్వాత తెలిసింది.

దోమకొండలో ఒక రిటైరైన పంతులు గారి తెల్ల కారు చూశాం. ఒక్కరి చేతి బండి, సర్వీసు పుస్తకం మొదటి పేజీ నుంచి ఉంది. మామ బానెట్ మూసి, ఇది తీసుకో, పదేళ్లు చూడక్కర్లేదన్నాడు. నేను ఒక చుట్టు నడిపి దిగాను. ఎంత తొక్కినా ఆలోచించి ఆలోచించి కదిలింది. నాకు నచ్చలేదని చెప్పాను. మహారాష్ట్ర సరిహద్దులో, జుక్కల్ దగ్గర ఇంకొకటి చూశాం. అమ్మే అన్నదమ్ములు మాతో తెలుగులో, వాళ్లలో వాళ్లు మరాఠీలో మాట్లాడుకున్నారు. నాకు అర్థమైన మాట 'యాక్సిడెంట్' ఒక్కటే. అక్కడి నుంచి చాయ్ కూడా తాగకుండా వచ్చేశాం.

ఆ తర్వాత మామకు జ్వరం వచ్చి వారం రోజులు లేవలేదు. ఆ వారంలోనే నేను కామారెడ్డిలో, పెద్ద రోడ్డు పక్కన సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే చోట నీలం కారు చూశాను. నల్ల టాపు, వెడల్పు టైర్లు, వెనక చిన్న రెక్క. చిన్న కారే, కానీ టర్బో ఇంజను. మామ లేవనీ అని అమ్మ అంది. నాలుగు రోజులాగితే ఎవరో ఎగరేసుకుపోతారని నా భయం.

ఆదివారం పొద్దున ఒక్కదాన్నే పోయాను. మామ చెప్పినవన్నీ చూశాను. నట్ల మీద గీతల్లేవు. రబ్బరు లాగి చూశాను, రేకు అద్దంలా ఉంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కాసేపటికి ఆరిపోయింది. అలా ఆరితేనే మంచిదని నాకు తెలుసు. బయానా ఇచ్చి, ఆధార్ నకలు పెట్టి, ఇంట్లో చూపించి సాయంత్రం తెస్తానని చెప్పి బండి తీసుకున్నాను. అమ్మే సేటు మర్యాదగానే ఉన్నాడు. ఎల్లారెడ్డి అనగానే ఒక్కసారి నా ముఖంలోకి చూశాడు. అది నేను పట్టించుకోలేదు.

తాడ్వాయి దాటాక రోడ్డు ఖాళీ అయింది. రెండు పక్కలా అడవి. కాలు కొంచెం నొక్కాను. వీపు సీటుకు అతుక్కుంది. మలుపుల్లో బండి రోడ్డును పట్టుకుని తిరుగుతుంటే నాలో నేనే నవ్వుకున్నాను. రోజూ నేను నిలబడి పోయే బస్సును లింగంపేట దగ్గర దాటేశాను. ఆ ముప్పావుగంట నా జీవితంలో అబద్ధం కాదు. చాలా బాగుంది. దాని కింద ఏముందో తెలిశాక కూడా, అది బాగుండలేదని చెప్పలేను.

మామ షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జ్వరం తగ్గినా ముఖం పీక్కుపోయి ఉంది. నేను హారన్ కొట్టి దిగాను. ఆయన లేచాడు కానీ దగ్గరికి రాలేదు. కారునే చూస్తూ నిలబడ్డాడు.

"దీన్ని యాడికెల్లి తెచ్చినవ్?"

చెప్పాను. ఆయన మెల్లగా వచ్చి డ్రైవరు తలుపు తెరిచాడు. రబ్బరు లాగలేదు, కణుపుతో కొట్టలేదు, నేరుగా తలుపు వెనక నిలువు పట్టీ మీద అరచేయి ఆనించాడు. ఎక్కడ ఆనించాలో ఆ చేతికి తెలుసు.

"ఇది నేను జేసిన బండి, బిడ్డా."

నాకు మొదట అర్థం కాలేదు. పెయింటు వేశావా అని అడిగాను.

"ముందటి సగం ఒక కారుది. ఎనుక సగం ఇంకో కారుది. నడుమ నేను అతికిచ్చిన. గట్టిగ తాకితే అక్కడ్నే విచ్చుకపోతది."

"మరి ఎయిర్‌బ్యాగు?"

"మూత ఉన్నది. లోపల ఏం లేదు. దీపం ఎల్గి ఆరేటట్టు వైరు కలిపినం."

కామారెడ్డిలో ఎవరో సేటు పిలిచినప్పుడల్లా మామ అక్కడికి పోయి పని చేసి వచ్చేవాడని నాకు తెలుసు, ఆ సేటు ఇతనేనని తెలియదు. ఏం పని అని నేనెప్పుడూ అడగలేదు. ఈ కారు లారీ మీద వచ్చిందట. ఎక్కడి నుంచి అని ఆయనా అడగలేదు. ఒకరు చేయకపోతే ఇంకొకరు చేస్తారు కదా అనుకున్నాడట. చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. ఆ చేతులకు ఆ రోజు ఏ మురికీ లేదు.

"సీట్లు పీకినంక కింద గాజు ముక్కలు దొరికినయి," అన్నాడు చివరకు. "అద్దం ముక్కలు కావు. చేతిగాజులు. ఎర్రయి."

 తర్వాత ఆయన, ఈ బండి తిరిగి ఇచ్చెయ్యమనీ తన పేరు మాత్రం ఎత్తవద్దనీ చెప్పాడు. సేటు పని ఆపేస్తే షెడ్డు మూసుకోవాలి. ఎల్లారెడ్డిలో ఎన్ని కార్లు గుద్దుకుంటాయని. నా చదువు ఆ షెడ్డు మీదే నడిచింది. నేను సరేనన్నాను.

సాయంత్రం కారు వెనక్కి తీసుకుపోయాను, ఎద్దుబండి నడిపినట్టు. రంగు మా అమ్మకు నచ్చలేదని సేటుకు చెప్పాను. ఆయన లెక్కపెట్టి బయానా తిరిగి ఇచ్చేశాడు. వెళ్లబోతుంటే, "మీ మామకు జరం తగ్గిందా, చెల్లె?" అని అడిగాడు. నాకు మామ ఉన్నాడని కూడా నేను ఆయనకు చెప్పలేదు.

అప్పుడే ఒక ఇద్దరు లోపలికి వచ్చారు. పాతికేళ్ల యువకుడు, వెంట పంచె కట్టుకున్న తండ్రి. కామారెడ్డి పక్కనున్న రాజంపేట వాళ్లు. ఆ యువకుడు గల్ఫ్ నుంచి వచ్చి నెల కూడా కాలేదని వాళ్ల మాటల్లో తెలిసింది. వచ్చీ రాగానే నీలం కారు దగ్గర నిలబడిపోయాడు. వాడి ముఖం చూస్తే పొద్దున నా ముఖం ఎలా ఉండి ఉంటుందో తెలిసింది. తండ్రి కారు చుట్టూ తిరిగి, ఏం చూడాలో తెలియక, సేటుకు ఇవ్వడం మరిచి ఇంకా నా చేతిలోనే ఉన్న తాళం చూసి నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నువ్వు నడిపినట్టున్నవ్ గదా. ఎట్లున్నది బండి?"

సేటు కాగితాలు సర్దుకుంటున్నాడు. తల ఎత్తలేదు. కానీ ఆయన చేతులు ఆగాయి.

"మంచిగనే ఉరుకుతది, బాపు," అన్నాను.

అబద్ధం కాదు. బస్టాండు దాకా నడుస్తూ అదే చెప్పుకున్నాను. మంచిగానే ఉరుకుతుంది. నేను కొనమనలేదు. ఆయన అడిగిందానికి జవాబు చెప్పాను, అంతే. ఎన్ని రకాలుగా చెప్పుకున్నా ఆ ముసలాయన నా మాట విని కొడుకు వైపు తిరిగి తల ఊపడం మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు.

మొక్కజొన్న కోతల కాలంలో మామ ఒకరోజు కామారెడ్డి నుంచి మధ్యాహ్నమే తిరిగి వచ్చి, షెడ్డుకు పోకుండా మా ఇంటికి వచ్చాడు. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నాకు ఆ రోజు సెలవు. ఆయన గడపలోనే కూర్చున్నాడు. నీలం కారు మళ్లీ సేటు దగ్గరికి వచ్చిందని చెప్పాడు. రాజంపేట దగ్గర, ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీకి తాకిందట. పెద్ద వేగం కూడా కాదని చూసినవాళ్లు అన్నారట. అతుకు దగ్గర, కుట్లు ఊడిన బట్టలా విచ్చుకుందట. పిల్లవాడు అక్కడికక్కడే పోయాడు. పక్కన కూర్చున్న తండ్రికి చేయి విరిగింది. తుక్కు కింద కొని తెచ్చిన సేటు, మళ్లీ అతికించమని మామను పిలిపించాడు.

"చేస్తనన్నవా?" అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత చేతుల్లో ముఖం దాచుకున్నాడు. మా మామ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

అమ్మ అన్నం పెడతానని లేచింది. ఎవరూ తినలేదు.

వారం తర్వాత నేను రాజంపేట పోయాను. ఎవరికీ చెప్పలేదు. ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు, ఆ ఊళ్లో ఆ ఇల్లు అప్పుడు అందరికీ తెలుసు. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతికి కట్టు. నన్ను గుర్తుపట్టలేదు. కొడుకు స్నేహితురాలిని అనుకుని, నీళ్లిమ్మని లోపలికి కేక వేశాడు. ఆ నీళ్లు తాగకముందే చెప్పేయాలని గబగబా అంతా చెప్పాను. అతుకు సంగతి, ఎయిర్‌బ్యాగు సంగతి, ఆ సాయంత్రం నాకు తెలిసి కూడా చెప్పకపోవడం.

ఆయన కోపగించుకుంటాడనుకున్నాను. ఆయన నా కాళ్ల వైపు చూశాడు.

"నేను అడిగిననే," అన్నాడు. "నిన్నే అడిగిన."

"అవును, బాపు."

"అప్పుడు జెప్పకపోతివి. ఇప్పుడు జెప్తే నేనేం జేసుకోవాలె?"

  కాసేపటికి, ఆ కారును అతికించింది ఎవరని అడిగాడు. రెండోసారి నోరు మూసుకోలేకపోయాను. మా మామ అని చెప్పాను. తీసుకురా అన్నాడు, అంతే.

మామను ఒప్పించాల్సిన అవసరం రాలేదు. విషయం చెప్పగానే చొక్కా వేసుకున్నాడు. రాజంపేటలో ఆ ఇంటి ముందు నిలబడి, చేసింది చేసినట్టు చెప్పాడు. అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కు పోయి అక్కడా చెప్పాడు. కేసు అయింది. సేటు కొన్ని రోజులు దుకాణం మూసి, మళ్లీ తెరిచాడు, బోర్డు మీద పేరు మార్చి. మామ మీద కూడా కేసు ఉంది. బెయిలు మీద బయట ఉన్నాడు. షెడ్డుకు కార్లు రావడం ఆగిపోయింది. నిజం చెప్పినవాడి దగ్గరికి ఎవరు తెస్తారు, అబద్ధం అతికించినవాడి దగ్గరికి మాత్రం ఎవరు తెస్తారు? గల్ఫ్ పోదామన్నా కేసు ఉండగా కుదరదు. వడ్ల కాలంలో మిల్లు దగ్గర బస్తాలు మోస్తాడు. యాభై దాటాయి.

అమ్మ నాతో మాట్లాడటం మానేయలేదు, కానీ మాట మారింది. నా తమ్ముని బతుకు తీసినవ్ అని ఒకసారి అంది. తర్వాత మళ్లీ అనలేదు. అన్నం పెట్టేటప్పుడు నా వైపు చూడదు.

నేను సాక్షిని. వాయిదా ఉన్నప్పుడల్లా కామారెడ్డి కోర్టుకు పోతాను. రాజంపేట నుంచి ఆయన కూడా వస్తాడు. వరండాలో ఒకే బెంచీ మీద, మధ్యలో ఖాళీ వదిలి కూర్చుంటాం. ఎక్కువసార్లు జడ్జి రారు, లేదా సేటు వకీలు రాడు. పేరు పిలిచి ఇంకో తేదీ చెబుతారు. ఆయన విరిగిన చేయి సరిగా అతకలేదు. మోచేయి పూర్తిగా చాపలేడు.

పోయిన వాయిదాకు ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి నా వైపు చాపాడు. వకీలు ఇచ్చిన నకలు.

"నాకు సదువు రాదు. ఏం రాసిన్రో సదువు."

అది నేను పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం. ఆయనకు తెలుసో తెలియదో నేను అడగలేదు. మొదటి నుంచి చదివాను. మృతుని పేరు, వయసు, తండ్రి పేరు. తర్వాత నా మాటలు, పోలీసుల భాషలో: 'వాహనం లోపము తెలిసియుండియు సదరు విషయమును కొనుగోలుదారునకు తెలియజేయలేదు.' ఆ వాక్యాన్నీ పూర్తిగా చదివాను. ఆయన కదలకుండా విన్నాడు. అయిపోయాక, మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు.

చదివాను. కొడుకు పేరు వచ్చిన చోట ఆయన పెదవులు కదిలాయి. అంతలో లోపలి నుంచి మా కేసు నంబరు పిలిచారు. ఇద్దరం లేచాం.