లక్ష్మవ్వ చేతి నీళ్లు

బొంబాయి కామాటిపురాలో ఏ తెలుగు ఇంట్లో పోచమ్మకు మొక్కు ఉన్నా ముందుగా వచ్చేది లక్ష్మవ్వ గడపకే. ఆమె పూజారి కాదు, పూనకం వచ్చే మనిషీ కాదు. వయసులో ఉండగా కట్టడాల మీద ఇసుక తట్టలు మోసింది. ఒంట్లో సత్తువ తగ్గాక ఆఫీసుల్లో నేలలు తుడిచింది. ఇప్పుడు కొడుకు పంచన కూర్చుని, వక్క నములుతూ, కోడలి వంటకు వంకలు పెడుతూ కాలం వెళ్లదీస్తోంది. కానీ మేకపోతు మీద పసుపునీళ్లు పోయాలంటే మాత్రం ఆమె చెయ్యే కావాలి. నీళ్లు పడ్డాక మేక ఒళ్లు దులపాలి. దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. మూడుసార్లు పోసినా దులపకపోతే దాని మీద కత్తి ఎత్తకూడదు, అమ్మ పేరు మీద విడిచిపెట్టాలి. మొక్కినవాళ్లకు దోషం అంటదు. పెద్దలు పెట్టిన పద్ధతి అది. అయితే లక్ష్మవ్వ నీళ్లు పోస్తే ఒళ్లు దులపని మేక ఇంతవరకు లేదు.

అందులో మహత్తు ఏమీ లేదు. చివరి చుక్కలు మేక చెవిలోకి జారేలా ఆమె చెంబు వంచుతుంది, అంతే. చెవిలో నీళ్లు పడితే మేకే కాదు, మునిసిపాలిటీ ఆఫీసరైనా తల విదిలిస్తాడు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. అది మోసమని ఆమె ఏనాడూ అనుకోలేదు. అమ్మా ఉంది, చెవిలో నీళ్లూ ఉన్నాయి, రెండూ ఒకదానికొకటి అడ్డం కాదని ఆమె లెక్క.

పోయిన ఏడాది వానల్లో ఆమె మనవరాలు ప్రతీక్షకు డెంగీ వచ్చింది. అయిదేళ్లు నిండని పిల్ల దవాఖానా మంచం మీద ఎండిన ఆకులా పడి ఉంటే, అద్దం ఇవతల నిలబడి లక్ష్మవ్వ పోచమ్మకు మేకపోతును మొక్కింది. పిల్ల బతికి బయటపడింది. ఇక మొక్కు సంగతి ఇదిగో అదిగో అంటూ ఏడాది గడిచిపోయింది. కొడుకు రితేశ్ ట్యాక్సీ నడుపుతాడు. వాడికి తీరిక దొరికిన వారం కోడలు మేఘాకు కుదరలేదు. మళ్లీ వానలు పట్టాయి. వాళ్లుండే పాత అంతస్తుల చాల్ గోడలు చెమర్చి పెచ్చులు రాలడం మొదలైంది. అప్పుడే ఒక సాయంత్రం ప్రతీక్ష ఒళ్లు వెచ్చబడింది. మర్నాడు తగ్గింది, ఆ తర్వాత సాయంత్రం మళ్లీ వెచ్చబడింది. డాక్టరు మామూలు జలుబే అన్నాడు. లక్ష్మవ్వ మాత్రం పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి కొడుకువైపు చూసింది. వాడు మరునాడే దేవనార్ మేకల సంతకు వెళ్లి, ట్యాక్సీ వెనక సీటులో మేకపోతును కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

నల్లటిది, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నది. పోచమ్మ పండుగ వచ్చేదాకా దాన్ని మూడో అంతస్తు గ్యాలరీలో, గదుల ముందుండే ఆ పొడవాటి వరండాలో, వాళ్ల తలుపు ముందే కట్టేశారు. చుట్టుపక్కల పిల్లలందరికీ అదే పండుగైపోయింది. అందుకు కారణం ఫోన్లో పిల్లలు చూసే ఒక కార్టూను. అందులో పింటూ అని ఒక మేకపిల్ల ఉంటుంది. ఎర్ర శాలువా కప్పుకుంటుంది, గొడుగులు నమిలేస్తుంది, దొంగల వెంట పడుతుంది. ప్రతిసారీ ఎవరో దుర్మార్గులు దాన్ని తాళ్లతో కట్టి ఈడ్చుకుపోతారు. పింటూ దిగాలుగా తల వంచుతుంది. అప్పుడు దాన్ని పెంచుకునే చిన్నపిల్ల పరుగున వచ్చి చెవిలో ఉఫ్ అని ఊదుతుంది. పింటూ ఒళ్లంతా జాడిస్తుంది, మెరుపులు రాలుతాయి, తాళ్లు తెగిపోతాయి, అది ఆకాశంలోకి ఎగిరిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అన్నం తినని పిల్ల కూడా అది చూస్తూ రెండు ముద్దలు ఎక్కువ తింటుంది కాబట్టి తల్లులకూ అదంటే ఇష్టమే.

నల్ల మేకపోతుకు పింటూ అని పేరు పెట్టడానికి ప్రతీక్షకు ఒక పూట కూడా పట్టలేదు. తల్లి పాత ఎర్ర ఓణీ దాని మెడకు చుట్టింది. పేరు పెట్టవద్దని, పేరున్నదాన్ని కోయడం మంచిది కాదని లక్ష్మవ్వ గసిరింది. పిల్ల వింటేనా. మేక పక్కనే చాప వేయించుకుంది, దాని డొక్క మీద తల పెట్టి కార్టూను చూసింది. ఒకరోజు మధ్యాహ్నం లక్ష్మవ్వ గుమ్మంలో బియ్యం ఏరుతుండగా, ప్రతీక్ష మేక చెవి ఎత్తి అందులో ఉఫ్ అని ఊదింది. మేక ఒళ్లంతా జాడించింది. పిల్ల కేరింతలు కొట్టింది. లక్ష్మవ్వ ముందు నవ్వింది. ఆ వెంటనే ఆమె వేళ్లు చేటలోనే ఆగిపోయాయి. ఇన్నేళ్లు తను గుట్టుగా దాచుకున్న విద్యను ఒక బొమ్మల ఆట ఈ పసిదాని చేతిలో పెట్టింది.

పండుగ ఆదివారం దగ్గరపడే కొద్దీ పిల్లకు ఏం చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. ఊరికి పంపామని చెబుదామంది మేఘా. ఊరెక్కడుందో చూపించమంటే ఏం చేస్తావని రితేశ్ అడిగాడు. చివరికి వాడే ఉపాయం కనిపెట్టాడు. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆదివారం పింటూకు పవర్ వస్తుందని, ఒళ్లు జాడించి ఆకాశంలోకి ఎగిరిపోతుందని చెప్పాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. పిల్ల నమ్మింది. తన తెలివికి తనే మురిసిపోతున్న కొడుకును చూసి లక్ష్మవ్వకు వాడి నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది, కానీ తనకూ అంతకంటే మంచి మాట తోచలేదు.

ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సహించలేదు. పిల్ల ఒళ్లు పట్టి చూస్తే చల్లగానే ఉంది. మేక దగ్గర పడుకున్నప్పుడల్లా చల్లగానే ఉంది. ఇది అమ్మ చూపిస్తున్న గుర్తా, తన మనసు చూపిస్తున్న సాకా? మొక్కు తప్పితే పిల్లకు ఏమవుతుందోనని భయం. మొక్కు తీరిస్తే పిల్ల మనసుకు ఏమవుతుందోనని అంతకంటే పెద్ద భయం. ఇటు నుయ్యి, అటు గొయ్యి. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఒక్కటే దారి కనిపించింది. చెవిలో నీళ్లు పోయకుండా ఉంటే సరి. మూడుసార్లూ వీపు మీదే పోస్తుంది. అది దులపదు. అమ్మ వద్దంది అంటారు, విడిచిపెడతారు. మొక్కూ తప్పినట్టు కాదు, మేకా పోదు. తల్లీ, ఈ ఒక్కసారికి నన్ను చూసీ చూడనట్టు వదిలెయ్యి అని ఆమె పోచమ్మకు మనసులోనే విన్నవించుకుంది.

ఆదివారం పొద్దున్నే మబ్బు కమ్మి, చాల్ వెనక ఉన్న వాకిలి పట్టపగలే మసకబారింది. డప్పులు మోగుతున్నాయి. మేఘా పిల్లను పైన గదిలో పెట్టి తలుపు దగ్గరకు వేసింది. బక్కయ్య వచ్చాడు. మార్కెట్లో మాంసం కొట్టే మనిషి, గల్లీలో ఎవరి మొక్కుకైనా కత్తి పట్టేది అతనే. మేక తాడును రితేశ్ చేతికిచ్చి తను పక్కన నిలబడ్డాడు. లక్ష్మవ్వ చెంబు ఎత్తి వీపు మీద పోసింది. మేక కదల్లేదు. జనంలో గుసగుస మొదలైంది. రెండోసారి పోసింది. మేక తల వంచుకుని నిలబడింది. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. ఇంట్లో ఏదో తప్పు జరిగిందని, పిల్ల మీదికి వస్తుందేమోనని వెనక ఎవరో అన్నారు. రితేశ్ మొహం పాలిపోయింది. తల్లి వైపు దీనంగా చూశాడు. ఆమె వాడి కళ్లలోకి చూడలేదు.

మూడోసారి చెంబు ఎత్తింది. ఒక్క చుక్క కూడా చెవి దాపులకు పోకుండా, తోక వైపు వంచి పోసింది. నీళ్లు నేల మీదికి కారిపోయాయి. మేక కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. బక్కయ్య కత్తి కింద పెట్టడానికి వంగాడు. లక్ష్మవ్వ గుండెల్లోంచి ఊపిరి బయటికి రాబోయింది.

మెట్ల మీద చిన్న కాళ్ల చప్పుడు వినిపించింది. దగ్గరకు వేసిన తలుపు పిల్లలకు ఒక లెక్కా? గ్యాలరీ కటకటాల్లోంచి ప్రతీక్ష అంతా చూసింది. తాడు చూసింది, వంచిన తల చూసింది, పింటూకు ఇంకా పవర్ రాలేదని చూసింది. జనం కాళ్ల మధ్య నుంచి దూరి వచ్చింది. లక్ష్మవ్వ చెంబు వదిలేసి పట్టుకోబోయింది. అప్పటికే పిల్ల మేక చెవి ఎత్తి, బుగ్గలు పూరించి, ఊదేసింది.

మేక కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లు జాడించింది. పసుపునీళ్లు అందరి మీదా చిందాయి. ఒక్కసారిగా డప్పులు హోరెత్తాయి. ఎవరి కోసం మొక్కారో ఆ పిల్లే వచ్చి ఒప్పించిందని, ఇంతకంటే ఏం కావాలని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మేఘా పరుగున వచ్చి పిల్ల మొహాన్ని కొంగులో కప్పి పైకి ఎత్తుకుపోయింది. కొంగు లోపలి నుంచి పిల్ల చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి. బక్కయ్య కత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. వద్దని అనడానికి లక్ష్మవ్వ నోరు తెరిచింది. ఏమని వద్దంటుంది? పద్ధతి ఆమెదే, ఆ పద్ధతి కాపాడింది కూడా ఇన్నాళ్లూ ఆమే.

తర్వాతి రోజుల్లో ప్రతీక్షకు జ్వరం రాలేదు. పిల్ల కళకళలాడుతూ తిరిగింది. పొద్దునా సాయంత్రం గ్యాలరీలో నిలబడి, రెండు చాల్‌ల మధ్య కనిపించే ఆకాశం ముక్కను చూసింది. పింటూ తిరిగొస్తే పెట్టాలని కొత్తిమీర కాడలు ఒక గిన్నెలో దాచింది. పింటూకు పవర్ ఇచ్చింది నేనే అని పిల్లలందరికీ చెప్పుకుంది. పెద్దవాళ్లు విని ముసిముసిగా నవ్వుకున్నారు. లక్ష్మవ్వ మాత్రం ఆ సంబరం చూడలేక లోపలికి వెళ్లిపోయేది.

ఆ వారంలోనే సాయిలు, వెంకటమ్మ వచ్చారు. పాలమూరు నుంచి వచ్చి కూలి చేసుకునే మొగుడూ పెళ్లాలు, కింది అంతస్తులో ఉంటారు. వాళ్లకూ ఒక మేకపోతు మొక్కు ఉంది. లక్ష్మవ్వ మంచినీళ్లిచ్చి కూర్చోమంది. సాయిలు కాసేపు నసిగి, విషయం చెప్పాడు.

"అవ్వా, నువ్వేమనుకోకు. మా యాటకు ఈసారి పాప చెయ్యి గావాలె. పాప చేతుల అమ్మ ఉన్నదని గల్లీ అంత అంటున్నరు."

ఎవరూ జవాబు చెప్పకముందే ప్రతీక్ష చెప్పుల కోసం పరుగెత్తింది.

"అంకుల్, నీ బక్రాకి కూడా నేను ఫూంక్ కొడ్తా. అది కూడా ఎగుర్తది."

లక్ష్మవ్వకు అప్పుడు రాబోయే ఆదివారాలన్నీ కనిపించాయి. ప్రతి వాకిట్లో ఈ చిన్న బుగ్గలు పూరించుకోవడం, ఏదో ఒకరోజు కొంగు జారి కళ్లు తెరుచుకోవడం కనిపించాయి. పిల్లను దగ్గరకు లాక్కుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుంది.

"అది ఎగరదు బిడ్డా. పింటూ గూడ ఎగరలే. కోసిన్రు. మేమే కోపిచ్చినం."

ప్రతీక్ష తండ్రి వైపు చూసింది. రితేశ్ తల వంచుకున్నాడు. తల్లి వైపు చూసింది. మేఘా ఏడుస్తోంది. పిల్ల ఏడవలేదు. అంత చిన్న మొహంలో అంత ఆలోచన ఎవరూ చూడకూడదు. చివరికి మెల్లగా అడిగింది.

"నేను ఫూంక్ కొట్టకపోతే?"

నిజం ఒక్కటే. ఊదకపోతే అది బతికేది. అన్ని మేకల చెవుల్లోనూ నీళ్లు పోసిన లక్ష్మవ్వ ఆ ఒక్కదాని చెవిలోనే పోయలేదు. ఆ ఒక్క మంచి పనీ ఆమెకు, పోచమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక ఎవరికీ తెలియకూడదు కూడా.

"నువ్వు ఊదితే కాదు బిడ్డా. దాని చెవుల నేనే నీళ్లు పోసిన. ఎప్పుడూ గట్లనే పోస్త. ఏ యాట దులిపినా నా నీళ్లకే దులిపింది. అమ్మకు గాదు, నీ ఊపిరికీ గాదు."

వెంకటమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సాయిలు నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టి లేచాడు. సాయంత్రానికి గల్లీ అంతా పొక్కింది. ఆమె చేత మొక్కులు తీర్చుకున్నవాళ్లు, తమ మొక్కులు అమ్మకు చేరాయో లేదోనని వణికిపోయారు. ముసలిది ముంచిందని తిట్టారు. బక్కయ్య మెట్ల మీద ఎదురుపడి మొహం తిప్పుకున్నాడు. కుళాయి దగ్గర ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు. ఇక ఆమెనూ ఎవరూ పిలవరు, ఆమె మనవరాలినీ ఎవరూ పిలవరు.

ప్రతీక్ష ఆమె ఒళ్లోకి రావడం మానేసింది. ఆమె కలిపిన ముద్ద తినలేదు. మర్నాడు గ్యాలరీలో పిల్లలు పింటూ ఏడని అడిగితే, నానమ్మను ఆజీ అని పిలిచే ప్రతీక్ష గట్టిగా, ఆజీ చంపేసింది, ఆజీ గందీ, చెడ్డది అని చెప్పింది. గుమ్మంలో కూర్చున్న లక్ష్మవ్వకు ఆ మాట సూదిలా దిగింది. అయినా ఆమె పిల్ల గొంతును చెవులు రిక్కించి విన్నది. అందులో కోపం ఉంది, కసి ఉంది. నేనే చంపాను అన్న వణుకు లేదు. నన్నే తిట్టుకోనీ తల్లీ, నన్నే తిట్టుకోనీ అనుకుంటూ ముసలిది కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.