వంటింటి గచ్చు కింద ఊట

పొద్దున్నే వంటింట్లోకి వెళితే పాదాలకు గచ్చు చల్లగా తగులుతుంది. ఇది ఏప్రిల్ నెల. కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. గేటు బయట ట్యాంకరు కోసం వీధివాళ్ల డ్రమ్ములు వరసలో ఉన్నాయి. మా సింకు కింద పలకల సందుల్లోంచి మాత్రం చెమ్మ ఊరుతూనే ఉంటుంది. అది కాలికి తగిలిన ప్రతిసారీ అప్పలస్వామి మాస్టారు గుర్తొస్తారు. ఆ రోజంతా ఏం తిన్నా చేదుగానే ఉంటుంది.

ఆయన బడిపంతులు కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో నేను ఉద్యోగంలో చేరిన ఆఫీసులో పెద్ద సర్వేయరు. ఊరు ఎటు పెరగాలో, ఏ వాలును ముట్టుకోకూడదో పటాలు గీసే ఆఫీసు అది. పని నేర్పారు కాబట్టి మాస్టారు అన్నాను. పుట్టి పెరిగింది అక్కడి డిగ్నాబాద్ పేటలోనే అయినా, ఆయన మాటలో తాతల నాటి శ్రీకాకుళం చెక్కుచెదరలేదు, మధ్యమధ్య హిందీ కలిసిందంతే. వానల్లో నీళ్లు ఎవరికైనా కనిపిస్తాయని, ఊటలు వెతకడానికి మండుటెండల్లోనే బయలుదేరేవారు. వాలు మొదట్లో చెప్పులు విడిచి ఒట్టి కాళ్లతో ఎక్కేవారు. మొదటిసారి తుష్నాబాద్ పొలాల పైన నేను టేపు పట్టుకుని హడావిడి చేస్తుంటే నవ్వారు.

"టేపు బాద్‌మే బాబూ. ముందు సెప్పులిప్పు. కాలికి సల్లగా తగిల్తే ఆగు."

"తగిలింది మాస్టారూ."

"అయితే ఆ ఇంటి అమ్మనడుగు, ఎండల్లో బట్టలెక్కడ ఉతుకుతాదో."

ఆమె చూపించిన చోటు మా కాళ్లకు నాలుగడుగుల దిగువనే ఉంది. మాస్టారు జేబులోంచి నీలం పెన్సిలు తీసి, ఊట ఉన్నచోట పటం మీద గీత గీయమని నా చేతికిచ్చారు. నీలం గీత ఉన్నచోట ఇల్లు లేవకూడదని ఆయన పట్టుదల. నేను గీసిన వాటిలో నిజాయితీ గల గీత బహుశా అదొక్కటే.

కొన్నేళ్లకు, బ్రూక్షాబాద్ దాటాక ఒక కొండవాలు మీద ఇళ్ల స్థలాలు వేస్తామని ఫైలు వచ్చింది. అక్కడ ఊట ఉంది. తుష్నాబాద్ తర్వాత ఇంకో ఎండాకాలంలో మేమిద్దరం ఒట్టి కాళ్లతో నిలబడి చూశాక, మాస్టారు నీలం గీత గీసిన చోటే అది. మాస్టారు సంతకం పెట్టనన్నారు. వారం తిరక్కుండా పైఅధికారులు ఆయన్ని రికార్డు గదిలోకి పంపేశారు, ఫైలు నా బల్ల మీదకొచ్చింది. మళ్లీ చూసి రమ్మన్నారు. బూట్లు వేసుకుని వెళ్లాను. ఊట లేదని రాసి సంతకం పెట్టాను. పటం మీద గీతను రబ్బరుతో చెరిపింది కూడా నేనే. భయపడ్డానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది కానీ, అది అబద్ధం. నాకు ఆయన కుర్చీ కావాలనిపించింది.

రికార్డు గదికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన ఫైళ్ల దుమ్ము దులుపుతున్నారు.

"సెప్పులిప్పినావా?" అని ఒక్కటే అడిగారు.

నేను కాళ్లకున్న బూట్ల వైపు చూసుకున్నాను.

"సర్లే, ఎల్లు."

నా సిగ్గులేనితనం అక్కడితో ఆగలేదు. అదే వాలు మీద స్థలం తీసుకుని ఇల్లు కట్టాను. గృహప్రవేశానికి మాస్టారిని కూడా పిలిచాను, రారులే అన్న ధైర్యంతో. వచ్చారు. అందరూ గుమ్మం దగ్గర చెప్పులు విడిస్తే, ఆయన వాలు మొదట్లోనే విడిచి ఎండలో ఒట్టి కాళ్లతో ఎక్కి వచ్చారు. ఇల్లంతా తిరిగి వంటింటి మూల ఆగిపోయారు.

"ఇక్కడే కదా బాబూ, మనం నిలబడింది."

"అవును మాస్టారూ."

"మరి ఎండల్లో నీళ్లకేటి సేస్తావు?"

"ట్యాంకరొస్తుంది."

తలూపి, భోజనం చేసి, మా పిల్లల్ని దీవించి వెళ్లారు. నలుగురిలో తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాతి వానాకాలంలోనే పోయారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను.

రోజూ పొద్దున్న మా ఆవిడ సింకు కింద చెమ్మను గుడ్డతో ఒత్తి బకెట్లోకి పిండుతుంది, మొక్కలకైనా పనికొస్తుందని. ఊట లేదని సంతకం పెట్టిన చేత్తోనే ఆ బకెట్ మోసుకెళ్లి పోస్తాను.