ఉదయశ్రీ తుపాకీ పట్టీ

జర్మనీలోని క్లౌస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌లో చదువుకునే తెలుగు పిల్లలు ఉదయశ్రీని తుపాకీ అక్క అంటారు. ఎదురుగా కాదు, వాళ్లలో వాళ్లు. ఆమెకు ఆ సంగతి తెలుసు. నవ్వుకుంటుంది తప్ప కాదనదు. కొత్తగా వచ్చిన వాళ్లెవరైనా ఆమెను మొదటిసారి చూస్తే ఆ పేరు నమ్మరు. ఐదడుగులు కూడా నిండని మనిషి, మాట మెత్తన, చలికాలంలో చెవుల దాకా టోపీ లాక్కుని బస్సు కోసం నిలబడే మనిషి.

మంచిర్యాల పిల్ల. బొగ్గు గనుల పక్కన పెరిగి, గనుల చదువుకు పేరున్న ఈ కొండ ఊరికి ఎమ్మెస్ చేయడానికి వచ్చింది. చదువు అయ్యాక ఇక్కడే ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది, ఇక్కడ ఉండి పనిచేసుకునే బ్లూ కార్డు వచ్చింది. డ్రోన్ ఎగరేసి అడవిని ఫొటోలు తీసి మ్యాపులు చేయడం ఆమె పని. భర్త సృజన్‌ది కాకినాడ. సాఫ్ట్‌వేర్. వారంలో ఒకటి రెండు రోజులు బ్రౌన్‌ష్వైగ్ వెళ్తాడు, మిగతా రోజులు ఇంటి నుంచే పని.

ఆ ఏళ్లలో ఊరి చుట్టూ ఉన్న హార్ట్స్ కొండల మీద స్ప్రూస్ చెట్లు వరసగా ఎండిపోయాయి. వానలు లేక నీరసించిన చెట్లకు బెరడు పురుగు పట్టింది. ఉదయశ్రీ డ్రోన్ ఎక్కడ ఎగరేసినా కింద బూడిద రంగు మోళ్లే. చూసి చూసి మనసు ఊరుకోక, శనివారాలు మొక్కలు నాటే వాళ్లతో కలిసింది. ఒక శరత్కాలమంతా వంగి వంగి బీచ్ మొక్కలు, మేపుల్ మొక్కలు నాటింది. వసంతంలో వెళ్లి చూస్తే ఒక్కదానికీ తల లేదు. చివుళ్లన్నీ కత్తిరించినట్టు పోయాయి.

"జింకలు," అన్నాడు హెర్ బ్రాండెస్. అటవీ శాఖలో రిటైరయిన ముసలాయన. ఆ కొండవాలులో వేట హక్కు ఆయనదే. "తోడేళ్లు లేవు. చలికాలాలు కూడా మునుపటిలా లేవు. తినేవి ఎక్కువయ్యాయి. నాటడం సగం పనే అమ్మాయీ, మిగతా సగం ఎవరూ చేయరు."

ఆ మిగతా సగం తాను చేస్తానని ఉదయశ్రీ అప్పటికప్పుడు అనలేదు. ఇంటికొచ్చి చాలా రోజులు ఆలోచించింది. తర్వాత వేట లైసెన్సు కోర్సులో చేరింది. జర్మన్‌లో చదువు, జర్మన్‌లో పరీక్ష. ఏ జంతువుకు ఏ నెలలో పిల్లలు, ఏ పక్షిని ముట్టకూడదు, ఏ మాంసం పనికిరాదు, అన్నీ నేర్చుకుంది. గురి పరీక్షలో మొదటిసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది.

ఫోన్లో చెబితే తల్లి బాలామణి గుండె బాదుకుంది. "జింకను కొడితే జైల్ల ఏస్తరు బిడ్డా! నీకేం పుట్టింది?"

"ఇక్కడ కొట్టకుంటెనే ఎందుకు కొట్టలేదని అడుగుతరమ్మా," అంది ఉదయశ్రీ.

సృజన్ గుండె బాదుకోలేదు. అంతకన్నా కష్టమైన పని చేశాడు, ఊరుకున్నాడు. అతను గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టినవాడు. తుపాకీ పెట్టే ఇనప బీరువాని ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన రోజు మాత్రం నోరు విప్పాడు.

"దేవుడి గూడున్న గదిలో వద్దు. స్టోర్‌రూమ్‌లో పెట్టించు. దాని తాళం నెంబరు నాకు చెప్పకు."

"చెప్పొద్దు కూడా. లైసెన్స్ లేనోళ్లు దాన్ని ముట్టుకోవద్దని రూల్."

"మంచి రూలు," అని అతను లోపలికి వెళ్లిపోయాడు.

తుపాకీ పాతదే, హెర్ బ్రాండెస్ తెలిసినవాళ్ల దగ్గర ఇప్పించాడు. దానితో పాటు భుజానికి తగిలించుకునే తోలు పట్టీ ఒకటి వచ్చింది. నాలుగు వేళ్ల వెడల్పు, మందపాటి తోలు, పెద్ద ఇత్తడి బకిల్. చూడ్డానికి రాజసంగా ఉండేది. కానీ అది ఆరడుగుల మనిషి కోసం చేసింది. ఉదయశ్రీ ఎంత బిగించినా తుపాకీ మోకాలి వెనక తగిలేది. వాన పడితే తోలు నీళ్లు తాగి ఇంకా బరువెక్కేది. జాకెట్ మీద నిలవక జారుతూ ఉంటే, దాన్ని ఆపడానికి కుడి భుజం ఎప్పుడూ చెవి దాకా ఎత్తి నడిచేది. ఇంటికొచ్చాక కూడా ఆ భుజం కిందికి దిగేది కాదు.

ఒక సెప్టెంబరు ఉదయం ఉదయశ్రీ, హెర్ బ్రాండెస్ కొండవాలు ఎక్కుతున్నారు. దారికి అడ్డంగా ఎండు మాను పడి ఉంది. అడ్డంకి దాటేముందు తూటాలు తీసేయాలన్నది మొదటి పాఠం. తీసేసింది. వంగి మాను కింద నుంచి దూరుతుండగా పట్టీ భుజం మీద నుంచి జారింది. పట్టుకోబోయి మోచేతి మీద రాళ్లలో పడింది. తుపాకీ పక్కనున్న బండకు కొట్టుకుంది. పైన బిగించిన దుర్భిణి పక్కకు ఒరిగింది.

హెర్ బ్రాండెస్ చెయ్యిచ్చి లేపాడు. "ఇవాళ్టికి వేట అయిపోయింది. ఇలా గురి తప్పిన తుపాకీతో కాలిస్తే జంతువు చావదు, దెబ్బతో తిరుగుతుంది. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి సరిచేయించు." కొంత దూరం దిగాక మళ్లీ అన్నాడు. "ఆ పట్టీ మార్చు. రోజంతా తుపాకీ నీ భుజం మీద ఉంటుంది, కాల్చేది ఒక్క క్షణం. అందరూ ఆ క్షణం కోసమే డబ్బులు పోస్తారు."

సాయంత్రం స్నానం చేసి వచ్చిన ఉదయశ్రీ భుజం సృజన్ కంటపడింది. మెడ పక్క నుంచి భుజం చివర దాకా నల్లగా కమిలిపోయి ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది.

"ఏంటిది? చెప్పవేం?"

"ఏం లేదు, పట్టీ జారింది. కొత్తది తీసుకోవాలె."

సృజన్‌కు ఒక పిచ్చి ఉంది. కొండల్లో రోజుల తరబడి నడుస్తాడు, సంచి బరువు గ్రాముల్లో లెక్కపెడతాడు. బరువు తగ్గుతుందని బ్రష్షు పిడి సగానికి కోసుకున్న మనిషి. అతను వంటింట్లోకి వెళ్లి కాటా తెచ్చాడు.

"పట్టీ విడిగా వస్తుందా? దాన్ని ముట్టుకోడానికి రూలు అడ్డం రాదు కదా?"

"రాదు."

"తే."

తోలు పట్టీని కాటా మీద పెట్టి చూసి, "ఇది పట్టీ కాదు, గేదె మోకు," అన్నాడు. ఉదయశ్రీ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో తుపాకీ మాట మీద నవ్వు వినపడటం అదే మొదలు.

మర్నాటి నుంచి అతను పనిలో దిగాడు. తుపాకీ ముట్టుకోకూడదు కాబట్టి చీపురుకర్ర ఒకటి తీసుకుని, తుపాకీ ఎంత బరువో ఉదయశ్రీని అడిగి, కందిపప్పు ప్యాకెట్లు రెండు కొసల మధ్య టేపుతో చుట్టాడు. తెప్పించిన పట్టీలు ఒక్కొక్కటే దానికి కట్టి ఆమె భుజానికి తగిలించి, ఇంటి వెనక పాత గనుల చెరువు గట్టు మీద నడిపించేవాడు. తను వెనక నడుస్తూ చూసేవాడు.

మొదటిది రబ్బరు స్పంజిది. భుజానికి మెత్తగా ఉందని ఉదయశ్రీ సంబరపడింది. కానీ అడుగడుగుకీ సాగి, పప్పు ప్యాకెట్లు ఎగిరెగిరి నడుముకు కొట్టుకున్నాయి. "మెత్తగా ఉండటం వేరు, సాగటం వేరు," అన్నాడు సృజన్. "సాగితే ప్రతి అడుగుకీ మళ్లీ ఎత్తుతున్నట్టే." రెండోది సన్నటి నైలాన్. కాటా మీద ఉందో లేదో అన్నంత తేలిక. గట్టు చివరికి వెళ్లేసరికి భుజంలోకి దిగిపోయింది. మూడోది బడి సంచిలా రెండు భుజాలకూ వేసుకునేది. బరువే తెలియలేదు. కాకపోతే కర్ర కొస తల మీదికి లేచి కొమ్మలకు తగులుకుంది, చేతిలోకి తీసుకోవాలంటే డాన్సు చేసినంత పనయింది.

గట్టు మీద కుక్కను తిప్పుతున్న పెద్దావిడ ఆగి, పప్పు కట్టిన చీపురుకర్రనూ వీళ్లనూ మార్చి మార్చి చూసింది. "అంతా బాగానే ఉందా?" అని అడిగింది.

"టెస్ట్ చేస్తున్నామండీ," అన్నాడు సృజన్ జర్మన్‌లో.

"ఓహో, టెస్టా!" అని ఆవిడ తృప్తిగా తలూపి వెళ్లిపోయింది.

చివరికి నిలిచింది చాలా మామూలుది. రెండు వేళ్ల వెడల్పు నేత పట్టీ, పలచన, అసలు సాగదు. నీళ్లు పట్టదు. మధ్యలో ఒక జారుడు బిళ్ల. దాన్ని ఒక్క లాగు లాగితే పట్టీ పొడుగై, తుపాకీ వీపు మీద అడ్డంగా కూర్చుంటుంది. ఇంకో లాగుతో మళ్లీ భుజానికి పొట్టిదవుతుంది. తోలు దానిలో మూడో వంతు బరువు కూడా లేదు. అది జాకెట్ మీద జారకుండా సృజన్ లోపలి వైపు రబ్బరు దారం నేసిన సన్నటి పేలిక కుట్టాడు. బరువు పట్టే కొసలు మాత్రం తను కుట్టనన్నాడు. "అవి ఫ్యాక్టరీ కుట్లే ఉండనీ. నా కుట్టు నమ్మి నువ్వు కొండెక్కొద్దు." కొక్కేలు మోగకుండా వాటికి గుడ్డ టేపు చుట్టాడు. హెర్ బ్రాండెస్ ఆ పట్టీని రెండు చేతులతో గుంజి చూసి, "మీ ఆయన వేటగాడా?" అని అడిగాడు.

"కాదు. శాకాహారి."

ముసలాయన చాలాసేపు నవ్వాడు.

నవంబరులో ఆయన తుంటి ఆపరేషన్‌కి వెళ్లాడు. పై వాలులో కొత్త మొక్కలు ఉన్నాయి, చలి ముదరకముందే అక్కడికి ఎవరైనా వెళ్లాలి. ఫోన్లు పనిచేయని ఆ చోటికి ఒంటరిగా వెళ్లొద్దని ఆమెకు గట్టిగా చెప్పాడు. ఆ మాట సృజన్ విన్నాడు.

"నేనొస్తాను," అన్నాడు. "చూడను. నీ వెనకాల కూర్చుంటాను."

"నీకెందుకు సృజన్ ఆ కష్టం?"

"నువ్వక్కడ కాలు విరగ్గొట్టుకుంటే నాకిక్కడ ఏం తెలుస్తుంది?"

తెల్లవారాక ఇద్దరూ బయల్దేరారు. మంచు పట్టిన గడ్డి, పడిపోయిన మాన్లు, వాటి మధ్య నాటిన మొక్కల చుట్టూ కాపుగా పెట్టిన తెల్ల గొట్టాలు. ఒక బండ దగ్గర ఉదయశ్రీ ఆగింది. సృజన్ బండకు అవతల వీపానించి కూర్చున్నాడు. మొదట ఒక ఆడ జింక వచ్చింది, దాని వెనక పిల్ల. తల్లిని కొడితే పిల్ల చలికి చస్తుంది. ఉదయశ్రీ తుపాకీ ఎత్తలేదు. అవి మేస్తూ దాటిపోయాయి. చాలాసేపటికి ఇంకొకటి వచ్చింది, ఏడాది వయసుది, ఒంటరిది, బక్కది. ఉదయశ్రీ తుపాకీ ఎత్తిన అలికిడికి సృజన్ చెవులు మూసుకున్నాడు.

కొండల మధ్య చప్పుడు ఒకసారి తిరిగి అణిగిపోయింది.

అతను వెంటనే రాలేదు. వచ్చేసరికి ఉదయశ్రీ జింక పక్కన మోకాళ్ల మీద ఉంది. టోపీ తీసేసి ఉంది. స్ప్రూస్ రెమ్మ ఒకటి తుంచి దాని నోట్లో పెట్టింది. ఆఖరి ముద్ద అంటారు, ఇక్కడి వేటగాళ్ల ఆచారం. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఆమె కత్తి తీసి లోపలి భాగాలు తీస్తుంటే సృజన్ దూరంగా వెళ్లి లోయ వైపు చూస్తూ నిలబడ్డాడు.

చిక్కు దిగేటప్పుడు వచ్చింది. జింకను సంచిలో పెట్టి వీపున వేసుకుంది ఉదయశ్రీ. తుపాకీ మెడలో ముందుకు వేలాడుతోంది. నాలుగడుగులకే మంచు రాళ్ల మీద కాలు జారింది. లేచింది, మళ్లీ జారింది. తుపాకీ భర్త చేతికి ఇవ్వడానికి లేదు. అది చట్టం. ఇక ఇవ్వగలిగింది ఒక్కటే. అడగడానికి నోరు రాక అలాగే కూర్చుండిపోయింది.

"సంచి ఇటివ్వు," అన్నాడు సృజన్.

"వద్దు. నువ్వు..."

"ఇవ్వమంటున్నానా."

ఇచ్చింది. అతను పట్టీలు బిగించుకుని, తన అలవాటు ప్రకారం నడుం బెల్టు సరిచేసుకుని లేచాడు. ఆమె బిళ్ల లాగి తుపాకీని వీపు మీదికి తిప్పుకుంది. కదలకుండా కూర్చుంది అది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. మాను వచ్చిన ప్రతిచోటా తను ముందు దాటి, వెనక్కి తిరిగి చెయ్యి అందించింది. అతను ఆ చెయ్యి పట్టుకుని దాటాడు.

సగం దూరం దిగారు.

"ఇంకా వెచ్చగా ఉంది, ఉదయా," అన్నాడు సృజన్. "వీపుకి తెలుస్తోంది."

"దించేస్తవా? కొద్దిసేపు కూసుందాం."

"వద్దు. నడువు."

ఇంటికొచ్చి అతను చాలాసేపు స్నానం చేశాడు. మూడు నాలుగు రోజులు మాట తగ్గించాడు. కోపంగా మాత్రం లేడు, అది ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆదివారం ఉదయశ్రీ మిరియాలు, ధనియాలు వేయించి కూర వండి విద్యార్థులను పిలిచింది. సృజన్ పక్క పొయ్యి మీద పప్పుచారు పెట్టాడు. పిల్లలు తింటూ అడిగారు, "అన్నా, నువ్వు కూడా పోయినవంట గద వేటకు? ఎట్లుండె?"

"బరువుగా ఉంది," అన్నాడు సృజన్. పిల్లలు ఇంకేదో చెబుతాడని చూశారు. అతను చారు వడ్డించాడు.

ఇప్పటికీ అతను మాంసం ముట్టడు, ఆమె మానదు. ఆ విషయం మీద ఇద్దరూ వాదించుకోవడం మానేశారు. హెర్ బ్రాండెస్ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు కానీ వాలు ఎక్కలేడు. శీతాకాలపు ఉదయాల్లో పై వాలుకు భార్యాభర్తలిద్దరే వెళ్తారు. కొన్నిసార్లు ఒక్క జింకా కనపడక, ఫ్లాస్కులో టీ తాగి, మొక్కల గొట్టాలు వంగినవి నిలబెట్టి వచ్చేస్తారు. అలాంటి రోజుల్లో దిగేటప్పుడు సృజన్ దారంతా కబుర్లు చెబుతూనే ఉంటాడు.