మూడో గుర్రం జాడ

మొన్న కరీంనగర్‌లో కంటి డాక్టరుకు చూపించుకుని బస్సులో తిరిగి వస్తుంటే, పక్క సీట్లో మా మనవరాలు ఫోనులో ఏదో చదువుతూ తనలో తాను నవ్వుకుంటోంది. ఏమిటమ్మా అని వంగి చూశాను. అంచులు వంగిన టోపీలు పెట్టుకున్న ఇద్దరు మగవాళ్ళు, వెనక ఒక గుర్రం, ఒకరి భుజం మీద ఇంకొకరి చెయ్యి. కౌబాయ్ నవల అమ్మమ్మా, ఇందులో వీళ్ళిద్దరే ప్రేమించుకుంటారు, నీకు తెలియదులే, ఇలాంటివి ఇప్పుడు వందలకొద్దీ వస్తున్నాయి అంది. ఆ బొమ్మ చూడగానే నేను మొదట చేసిన పని, తల తిప్పి మా వెనక సీట్లో ఎవరున్నారో చూడడం. ఎవరో ముసలాయన కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. అయినా బస్సు దిగేలోగా ఇంకో రెండుసార్లు వెనక్కి చూశాను.

మా ఈడు వాళ్ళకు అద్దె పుస్తకాల షాపులు గుర్తుండే ఉంటాయి. డిటెక్టివులు, దయ్యాలు, వాటి మధ్య తుపాకులు పట్టుకున్న కౌబాయ్‌లు, అట్ట మీద ఎర్రటి ఆకాశం. కరీంనగర్‌లో డిగ్రీ చదివిన రోజుల్లో మా అన్న వాటిని వరసబెట్టి చదివేవాడు. చదువు పూర్తయి పెద్దపల్లిలో ఇంటికి వచ్చాక ఉద్యోగం దొరకక, పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుంటూ, మధ్యాహ్నాలు మా వసారాలో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఆ కథలు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. బాపు, అంటే మా నాన్న, పోయి అప్పటికి చాలా కాలమైంది. అవ్వ అని మేము పిలిచే మా అమ్మ, మేనత్త, నేను, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు పెట్టుకుని, తడి గోనెపట్టాలో చుట్టిన తునికాకు పక్కన ఉంచుకుని, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే చెవులు అన్నకు అప్పగించేవాళ్ళం. మాకు ఆకూ తంబాకూ ఇచ్చి, చుట్టిన బీడీలు కార్ఖానాకు చేర్చే టేకేదారు బాపు తమ్ముడు, మా చిన్నబాపే. కట్టలు బాగాలేవని ఆయన పక్కన పడేస్తే ఆ రోజు కష్టం మట్టిపాలైనట్టే గనుక, వాడకట్టు ఆడవాళ్ళంతా ఆయన ముఖం చూసి మసలుకునేవారు.

తెలుగు పుస్తకాలు అయిపోయాక ఇంగ్లీషువి తెచ్చిపెట్టింది అన్న దోస్తు. ఆదిలాబాద్ మనిషి, అక్కడి జిన్నింగు మిల్లుల నుంచి పత్తి బేళ్ళు మోసే లారీ నడిపేవాడు. మేమంతా ఆయన్ని భాయి అనే పిలిచేవాళ్ళం. నాగపూర్ వెళ్ళినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో గుర్రం బొమ్మ ఉన్నదల్లా అన్న కోసం కొనుక్కొచ్చేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అన్నే ఎప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ మాకు చదివేవాడు. ఎనభైల మొదట్లో ఒక ముసురు రోజున ఆయన తెచ్చిన పుస్తకానికి అట్ట లేదు, ముందు పేజీలు కొన్ని లేవు. ఎవరు రాశారో, దాని పేరేమిటో మాకెవరికీ తెలియదు.

ఆ కథలో ఇద్దరు పశువుల కాపరులు. వాళ్ళ పేర్లు మా నోళ్ళకు తిరగక ఒకరికి పొడుగోడని, ఇంకొకరికి ఎర్రజుట్టోడని మేమే పేర్లు పెట్టుకున్నాం. యజమాని వాళ్ళిద్దరినీ చలికాలమంతా మందను కాయమని కొండల కింద ఒంటి గుడిసెకు పంపుతాడు. మొదట్లో ఇద్దరికీ పడదు. మేము కూడా మామూలు కౌబాయ్ కథే అనుకుని తుపాకి ఎప్పుడు పేలుతుందా, నిధి ఎక్కడుందా అని ఎదురుచూశాం. అవేవీ రాలేదు. పశువులకు గడ్డి వెయ్యడం, గడ్డకట్టిన వాగును గొడ్డలితో పగలగొట్టి నీళ్ళు తాగించడం, తెగిన జీను కుట్టుకోవడం, ఇవే. కానీ పశువుల సంగతి తెలిసిన ఆడవాళ్ళు కదా, ఆ పనులే చెవులు రిక్కించి విన్నారు. పొడుగోడు రోజూ ముందుగా లేచి, ఎర్రజుట్టోడి బూట్లు పొయ్యి దగ్గర పెట్టేవాడట, అతను లేచి తొడుక్కునేసరికి వెచ్చగా ఉండాలని. ఆ మాట ఒక్కనాడూ పైకి చెప్పలేదట. అది వినగానే మా పక్కింటి ఆమె కత్తెర ఆపి, మా ఇంటాయన ఎన్నడన్న నా చెప్పులు ఎండలకెల్లి జరిపిండా అని పెద్దగా నిట్టూర్చింది. అందరం నవ్వాం.

మధ్యలో ఒకామె అడగనే అడిగింది.

"ఆడిపిల్ల ఎప్పుడొస్తది బిడ్డా గీ కతల?"

అన్న పుస్తకం మీంచి తల ఎత్తకుండా, "రాదు" అన్నాడు.

అప్పుడు మేనత్త, "రాకుంటే రాకపాయె. నువ్వు చదువు కొడుకా" అంది.

ఎర్రజుట్టోడు మంచు పగిలి వాగులో పడిన రోజు కథ చదివినప్పుడు భాయి కూడా ఉన్నాడు. లారీకి లోడు దొరకని రోజుల్లో వచ్చి గడప దగ్గర గొంతుక్కూర్చుని వినేవాడు. పొడుగోడు అతన్ని బయటికి లాగి, గుడిసెకు మోసుకొచ్చాడని, ఒకే దుప్పటి ఇద్దరూ కప్పుకుని తెల్లవార్లూ పడుకున్నారని అన్న చదివాడు. ఆ తర్వాతి వాక్యాలు అన్న గబగబా చదివి పేజీ తిప్పేశాడు. చలికి గంతే మరి అని ఎవరో అన్నారు. చలికి గాదు తియ్యి అని మేనత్త చిన్నగా అంది. నేను అన్న వైపు చూశాను, ఆ తర్వాత భాయి వైపు చూశాను. భాయి తన అరచేతుల వైపు చూసుకుంటున్నాడు. అవ్వ లేచి లోపలికి వెళ్ళి, ఎవరూ అడగకుండానే భాయికి చాయ్ పెట్టుకొచ్చి, ముఖం చూడకుండా గడప మీద పెట్టి పోయింది. ఆమెకు నాకంటే ముందే తెలుసునని నాకు ఆ నిమిషాన అర్థమైంది.

ఆ తర్వాతే కథలోకి మూడో గుర్రం వచ్చింది. ఒక పొద్దున వాళ్ళిద్దరూ తలుపు తీసేసరికి మంచులో డెక్కల గుర్తులున్నాయి. తమ గుర్రాలవి కావు. దూరం నుంచి వచ్చి, గుడిసె చుట్టూ తిరిగి, కిటికీ కింద చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయిన గుర్తులు. మనిషి కనిపించడు. కొన్నాళ్ళు ఊరుకుంటుంది, మళ్ళీ ఒక పొద్దున అవే జాడలు, ఈసారి కొంచెం దగ్గరగా. అవి మొదలైనప్పటి నుంచి మా వసారాలో నవ్వులు తగ్గిపోయాయి. వాకిట్ల ఎవలో నిలబడ్డట్టే అనిపిస్తుంది నాకు అంది ఒకామె. అందరం తలుపు వైపు చూశాం. ఎవరూ లేరు. మరునాడు మధ్యాహ్నం మాత్రం చిన్నబాపు వచ్చాడు.

పొద్దున్నే వచ్చి బీడీలు తీసుకుపోవడం తప్ప ఆ వేళప్పుడు ఆయన ఎన్నడూ రాలేదు. స్తంభానికి ఆనుకుని కాసేపు విన్నాడు. పుస్తకం ఎవరిదని అడిగాడు. లారీ భాయిదని ఎవరో చెప్పారు. "గా మొగోళ్ళిద్దరే ఉంటరా ఆ గుడిసెల?" అన్నాడు. "మంచిగున్నది కత" అని వెళ్ళిపోయాడు. ఆయన తిట్టి ఉంటే అవ్వకు అంత భయమయ్యేది కాదు. మంచిగున్నది అన్న ఆ ఒక్క మాటకు ఆమె చేతిలో చుట్టిన బీడీ మళ్ళీ విడిపోయింది.

ఆ వారం నుంచి కథ వినే వాళ్ళ కట్టలనే ఆయన పనిగట్టుకుని పక్కన పడేశాడు. తర్వాత తన భార్య, మా చిన్నమ్మ తరఫు పిల్లతో అన్నకు సంబంధం తెచ్చాడు. అన్న చేసుకోనన్నాడు. అప్పుడు చిన్నబాపు అవ్వ ముందు కూర్చుని, గొంతు పెంచకుండా, పొలం సంగతి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నేనేం జెయ్య వదినె. లారీల వాడు ఏమేం మోస్తుండో, గా ఇంగ్లీషు పుస్తకాల ఏం రాసున్నదో ఠాణల ఒక్క మాట చెప్పొస్త. గంతే."

ఆ మాటకు అర్థం ఏమిటో మా జిల్లాల్లో ఆ ఏళ్ళు గడిపిన వాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కరలేదు. ఊళ్ళల్లో జీపులు తిరిగే కాలం. అడవిలో అన్నలకు, అంటే నక్సలైట్లకు సాయం చేస్తున్నాడని ఒక్క మాట పడితే, తీసుకుపోయిన పిల్లవాడు ఎప్పుడు తిరిగివస్తాడో, అసలు వస్తాడో రాడో చెప్పగలిగినవాళ్ళు లేరు.

అవ్వ నన్ను కరీంనగర్ రోడ్డు మీద లారీలు ఆగే హోటలుకు పంపింది. భాయి టైరు కింద రాయి పెడుతున్నాడు. ఇక మా ఇంటికి రావద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పకపోయినా ఆయనకు తెలిసిపోయింది. "ఫికర్ జెయ్యకు చెల్లె, రాను" అన్నాడు. కొంచెం దూరం వచ్చాక వెనక నుంచి పిలిచాడు. "ఆఖర్ల ఆ ఇద్దరు ఏమైండ్రో మీ అన్నను ఎట్లనన్న జేసి చెప్పి పంపమను."

భాయి రావడం మానేసినా చిన్నబాపు ఠాణాలో ఆ మాట చెప్పనే చెప్పాడు. ఆ మధ్యాహ్నం మాకు బాగా గుర్తు. కథలో ఈసారి గుర్రం జాడ గుడిసె ముందు ఆగింది, అక్కడి నుంచి మనిషి బూటు గుర్తులు తలుపు దాకా వచ్చాయి. అన్న అక్కడికి చదివేసరికి వాకిట్లో జీపు ఆగింది. మేనత్త ఏ మాత్రం తడబడలేదు. అన్న చేతిలోంచి పుస్తకం లాక్కుని తడి గోనెపట్టా కింద, ఆకుల మధ్య దోపి, పైన చాట పెట్టుకుని బీడీ చుట్టసాగింది. పోలీసులు ఇల్లంతా వెతికారు, అన్న అల్మారాలో ఉన్న పుస్తకాలు అట్టల మీద తుపాకులున్నాయని మూట కట్టారు. రోజూ ఏం చదువుతున్నాడని ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరినీ అడిగాడు.

"పశులు గాసేటోళ్ళ కత సారూ" అంది మేనత్త. "ఇద్దరే ఉంటరు. చలికి సస్తుండ్రు పాపం."

"ఎక్కడోళ్ళు?"

"ఎక్కన్నో దూరం సారూ. మంచు గురిసే కాడ."

అక్కడున్న ఏ ఆడమనిషిని అడిగినా అదే చెప్పింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అన్నను జీపు ఎక్కించుకుపోయారు.

పక్కింటి ఆమె చాట దించి లేచింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక అందరూ. టేకేదారు ఏమంటాడో, రేపు ఆకు ఇస్తాడో ఇవ్వడో ఒక్కరూ అనుకోలేదు. తంబాకు వాసన కొట్టే చేతులతో నడుచుకుంటూ వెళ్ళి ఠాణా ముందు కూర్చున్నారు. పొమ్మంటే పోలేదు. కత సగంల ఉన్నది సారూ, పిలగాన్ని ఇడిసిపెట్టున్రి అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. ఒక కానిస్టేబుల్‌కు నవ్వొచ్చింది, ఇంకొకడు లాఠీ ఎత్తాడు. ఎవరూ కదల్లేదు. మరునాడు అన్నను వదిలారు. పాదాలు వాచి, గోడ పట్టుకుని నడుస్తూ బయటికి వచ్చాడు. అవ్వ ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

నడవగలిగిన రోజున అన్న మళ్ళీ వసారాలో కూర్చున్నాడు. తడిసిన పుస్తకం చివరి పేజీలు అట్టలా అతుక్కుపోయాయి. ఆయన ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, తెరవకుండానే, మిగతా కథ నోటితో చెప్పాడు. తలుపు తట్టిన మనిషికి గుడిసె ఖాళీగా కనిపించిందని, అప్పటికే వాళ్ళిద్దరూ గుర్రాల మీద ఉత్తరానికి వెళ్ళిపోయారని, పడుతున్న మంచు వాళ్ళ జాడలను కప్పేసిందని. మేనత్త చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొద్ది రోజులకే అన్న ఒక సంచితో ఆదిలాబాద్ బస్సు ఎక్కాడు.

అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాడు. పక్కపక్క గదుల్లో, తర్వాత ఒకే ఇంట్లో, ఆయనా భాయీ ఏళ్ళ తరబడి ఉన్నారు. దోస్తులు అనేవాళ్ళు చుట్టుపక్కల వాళ్ళు, అంతకుమించి అడిగేవాళ్ళు కాదు. చిన్నబాపు బతికినన్నాళ్ళూ అన్న మా గడప తొక్కలేదు. తొంభైల్లో నేను పోయి కొన్నాళ్ళు ఉన్నాను. ఆ చలిలో పొద్దున్నే ఇద్దరూ కుంపటి దగ్గర కూర్చుని మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిపి ఏదో చెప్పుకుని నవ్వుకునేవారు. కానీ ఇంటి ముందు ఏ మోటారు సైకిలు నెమ్మదించినా, ఇద్దరి మాటలూ ఒకేసారి ఆగిపోయేవి. అది ముందుకు సాగిపోయిందాకా మళ్ళీ మొదలయ్యేవి కావు. అన్నేళ్ళయినా, ఎవరూ రాకపోయినా.

ఆ పుస్తకం ఏమైందని అప్పుడు అడిగాను. ట్రంకు పెట్టెలో ఉందన్నాడు అన్న. "ఎండినంక ఆ పేజీలు మంచిగనే ఊడినయి చెల్లె. నేనే చదవలే. భయమైంది."

భాయి కుంపట్లో బొగ్గులు కదుపుతున్నాడు.

అన్న పోయి కొన్నేళ్ళయింది. పండగలకు భాయికి ఫోను చేస్తాను, ఇద్దరం మొక్కల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకుంటాం. మా వీధిలో బీడీలు చుట్టేవాళ్ళు ఒకరిద్దరే మిగిలారు. ఇప్పటి పిల్లలు తమకు కావలసిన కథ తామే ఎంచుకుని, ఎవరి అనుమతీ లేకుండా, బస్సులో పదిమంది మధ్య నవ్వుకుంటూ చదువుకుంటున్నారు. చూస్తుంటే కళ్ళకు చల్లగా ఉంటుంది. ఆ వయసులో అన్నకు అలాంటి ఒక్క పూట దొరకలేదే అని కూడా అనుకుంటాను. కాకపోతే ఎవరి కథ వాళ్ళు ఒక్కరే చదువుకుంటారు. తర్వాత ఏమైందని అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. ఆ పుస్తకంలో ఆ ఇద్దరూ బతికారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. కానీ చూడని దేశపు మంచులో వాళ్ళు చచ్చిపోతారేమోనని, అక్షరం రాని ఆడవాళ్ళు మా వసారాలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అంతమంది అలా ఒకరి కోసం భయపడగా నేను మళ్ళీ చూడలేదు.