వారంటీ కోసం రాసిన ఏడు పేజీలు

బండి కాగితాల్లో యజమానిని నేను. దాన్ని నడిపేదీ, కడిగేదీ, దాని మీద బతికేదీ నా స్నేహితుడు. అతనిది పరుపులు కుట్టే ఇల్లు. దూది ఏకి, గలేబులు కుట్టి, ఊరంతటికీ మెత్తటి పడక ఇచ్చిన ముస్లిం కుటుంబం. ఫోము పరుపులు వచ్చాక, పత్తి పండే ఊళ్లోనే దూది పరుపు అడిగేవాడు లేకుండా పోయాడు. అరవై దగ్గరపడుతుండగా ఒక వ్యాను కొనుక్కుని నడుపుకుందామనుకున్నాడు. ఫైనాన్సు వాళ్లకు అతని సంతకం పనికిరాలేదు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన నాకు నెలనెలా పెన్షను వస్తుంది కాబట్టి నా సంతకం పనికొచ్చింది. ఒకటో తరగతి నుంచి పక్కపక్కన కూర్చున్నవాళ్లం. పెట్టేశాను.

ఎనిమిది మంది పట్టే బండి. డ్రైవరు పోను ఏడుగురు. మా ఊరు గుంటూరుకూ ఒంగోలుకూ నడుమ నల్లరేగడిలో ఉంది. మిరప కోతల రోజుల్లో పొద్దున్నే క్రైస్తవ పేట నుంచి ఏడుగురు ఆడకూలీలను ఎక్కించుకుని చేలకు చేర్చడం, సాయంత్రం మళ్లీ ఇళ్లకు తేవడం అతని పని. బాడుగ రైతు ఇస్తాడు. కోతలు లేనప్పుడు రోగులతో గుంటూరు ఆసుపత్రికీ, మొక్కులున్నవాళ్లతో పెదకాకానికీ వెళ్లేవాడు. నా పేరు మీదున్న బండి మొక్కులకు తిరగడం నాకు నచ్చేది కాదు. "నీ ఖాతాలో పుణ్యం పడకుండా నేను చూసుకుంటాలేరా," అనేవాడు.

బండి తెచ్చుకున్న రోజున షోరూం వాళ్లు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతే అడ్డుకున్నాను. నిమ్మకాయకూ ఇంజనుకూ ఉన్న సంబంధమేమిటో చెప్పాకే పెట్టండని అరగంట వాదించాను. వాళ్లు విసిగి నిమ్మకాయలు తీసేశారు. ఈ సంగతి పేటకు చేరింది. ఆడవాళ్లు దానికి 'దేవుడు లేని బండి' అని పేరు పెట్టారు. వాళ్ల ముఠాకు పెద్దావిడ ఒకామె ఉంది. రోజూ ఎక్కగానే కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఒకసారి, ఒకామె పనికి రాని రోజున, ఆ ఖాళీలో నేను ముందు సీట్లో ఉన్నాను.

"నువ్వు చెయ్యవుగా మేస్టారూ. నీ వంతు కూడా నేనే చేసేశాలే," అంది.

"నాకు అక్కర్లేదమ్మా. మూడేళ్లు వారంటీ ఉంది. కాగితం మీద రాసి, ముద్రేసి ఇచ్చారు. మీ దేవుడెప్పుడైనా రాసిచ్చాడా?"

మిగతా ఐదుగురూ పకపకా నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వింది. ఆ కాగితం మీద నాకున్నది నమ్మకమే అని, నేను జీవితమంతా పోట్లాడిన నమ్మకాలకు అది దూరపు చుట్టమైనా అయి ఉంటుందని ఆ రోజు నాకు తోచలేదు.

రెండో ఏడు కోతల మధ్యలో రేడియేటర్లో నీళ్లు తగ్గడం మొదలైంది. హైవే మీదున్న కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాడు. నీళ్లు పోసి, పైపులు చూసి, 'సమస్య లేదు' అని కార్డు మీద రాసి పంపారు. నెల తిరగకుండానే ఒక పొద్దున, చేలదారిలో టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్టులోంచి ఆవిరి. ఏడుగురూ దిగి మిగిలిన దారి నడిచిపోయారు. అతను నాకు ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి పట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని చివర ఆయిలు నల్లగా లేదు. మజ్జిగలా తెల్లగా ఉంది.

"నీళ్లు కలిసిపోయినయ్ రా. ఇక ఇది ఇంజను కాదు," అన్నాడు.

బండిని కట్టి లాక్కెళ్లి సర్వీసు సెంటర్లో పడేశాం. విప్పి చూసిన మెకానిక్కు ఇంజను మార్చాల్సిందే అన్నాడు. డబ్బు పెట్టి మార్పించుకునే స్తోమత అతనికి లేదు, నాకూ లేదు. వారంటీలో చేస్తే అతనికి బతుకు ఉంటుంది, లేకపోతే లేదు. లోపల ఎవరో 'ఓవర్‌లోడ్ బండి' అనడం నా చెవిన పడింది.

అక్కడ కౌంటరు దగ్గర కూర్చునే సర్వీసు అడ్వైజరు నలభై ఏళ్ల మనిషి. మమ్మల్ని పక్కకు పిలిచాడు.

"సార్, పోయిన నెల నీళ్లు తగ్గుతున్నాయని మీరు తెచ్చినట్టు మా జాబ్ కార్డులోనే ఉంది. అది చాలు మీకు. 'అప్పుడే చెప్పాం, సరిచేయలేదు, వారంటీలో ఇంజను మార్చండి' అని రాయండి. వాడకం అన్నచోట 'సొంతానికి' అని పెట్టండి. రెండు లైన్లు సార్. మిగతాది నేను పైకి పంపుకుంటా."

"ఓవర్‌లోడ్ అని ఎవరన్నారు?" అని అడిగాను.

"అది మావాళ్లు ఏ బండికైనా అలవాటుగా అనే మాట సార్. కాగితం మీద లేదు. మీరు పట్టించుకోకండి."

నేను పట్టించుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా స్నేహితుడు అన్నాడు: "రెండు లైన్లన్నాడు గదరా. అక్కడే గీకి ఇచ్చేస్తే పోయేది."

"సొంతానికి అని అబద్ధం రాయమంటావా? అబద్ధం మీద నిలబడి న్యాయం అడగమంటావా? నిజమే మన వైపు ఉంటే భయం దేనికి?"

"నాకెందుకురా నిజం, ఇంజను కావాలి గాని," అన్నాడు. పక్క సీటువాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

నాలుగు రోజులు కూర్చుని రాశాను. ఇంగ్లీషులో ఏడు పేజీలు. ఎన్ని సభల్లో, ఎంతమంది స్వాములతో, ఎంతమంది పండితులతో వాదించిన చెయ్యి అది. ఎదుటివాడు ఎత్తకముందే అతని ఆక్షేపణను మనమే ఎత్తి కూలగొట్టాలని నేర్చుకున్నవాణ్ని. ఓవర్‌లోడ్ అంటారు కదా, కాదని నిరూపిస్తాను. ఏ రోజు ఎంతమంది ఎక్కారు, ఏ చేను ఎంత దూరం, బండి ఎంత వేగంతో పోయింది, రైతు ఏడుగురికే బాడుగ ఇస్తాడు కాబట్టి ఎనిమిదో మనిషిని ఎక్కించే అవసరమే ఎందుకు రాదు, అన్నీ వరసగా రాశాను. రైతుల దగ్గర బాడుగ చీటీలు తెచ్చి జతచేశాను. అది చాలదనిపించి, పేటకు వెళ్లి ఆ ఏడుగురి చేతా సాక్ష్యం రాయించాను: 'కోతలకు రోజూ ఈ బండిలోనే పోతాం, ఏడుగురికి మించి ఎప్పుడూ ఎక్కలేదు.' నలుగురు సంతకాలు పెట్టారు, ముగ్గురు వేలిముద్రలు వేశారు.

"దేనికి మేస్టారూ ఇది? ఇళ్ల స్థలాలకా?" అంది పెద్దావిడ, బొటనవేలు చాపి.

"బండి బాగుపడ్డానికమ్మా."

"అయితే రెండు వేళ్లూ వేస్తా, పట్టు."

పోస్టు చేసేముందు నా స్నేహితుడికి చదివి వినిపించాను. మూడో పేజీ దాకా విన్నాడు. "గట్టిగానే ఉన్నట్టుందిరా. నాకు తెలిసే భాష కాదు గదా," అని లేచిపోయాడు. తెలుగులో చెప్పమని అతను అడగలేదు. చెప్పాలని నాకు తట్టలేదు. ఆ ఉత్తరం ఎవరి బతుకు గురించి రాశానో అతనికి అర్థం కాని భాషలో, నా గెలుపు కోసం రాసుకున్నాను. అబద్ధం ఆడకూడదన్న పట్టుదల కొంత ఉంది, కాదనను. ఓవర్‌లోడ్ అన్న మాటను ఓడించాలన్న పట్టుదల దానికంటే ఎక్కువ ఉంది.

జవాబు మూడు వారాలకు వచ్చింది. ఒక్క పేజీ. వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు చెప్పారు. ఓవర్‌లోడ్ చేయలేదన్న నా వాదనను అంగీకరించారు. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని బాడుగకు తిప్పినట్టు మీ ఉత్తరం నాలుగో పేజీ, జతచేసిన చీటీలు, కూలీల వాంగ్మూలం స్పష్టం చేస్తున్నాయి కాబట్టి నిబంధనల ప్రకారం వారంటీ వర్తించదని రాశారు.

వారంటీ పుస్తకం అప్పుడు తీశాను. నలభై ఏళ్లుగా గ్రంథాలను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, వాటిలోని పొరపాట్లు ఎత్తిచూపి పేరు తెచ్చుకున్న నేను, ఆ చిన్న పుస్తకాన్ని అంతవరకూ తెరవలేదు. చీమ కాళ్లంత అక్షరాల్లో ఆ వాక్యం ఉంది.

గుంటూరులో కంపెనీ అధికారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఏసీ గదిలో మంచినీళ్లు ఇప్పించి కూర్చోబెట్టాడు.

"నీళ్లు తగ్గుతున్నాయని ముందే చెప్పాం. మీవాళ్లు సమస్య లేదని పంపేశారు. తప్పు మీ దగ్గర ఉంది," అన్నాను.

"ఉండొచ్చండి."

"బాడుగకు తిప్పితే ఇంజన్లో నీళ్లు కలుస్తాయా? కూలిమనిషి కూర్చుంటే ఒక రకంగా, చుట్టం కూర్చుంటే ఇంకో రకంగా వేడెక్కుతుందా? కార్యకారణ సంబంధం చూపించండి."

"సంబంధం లేదండి. మీరన్నది కరెక్టే. నిబంధనకు సంబంధం అక్కర్లేదు."

"నిబంధన రాసింది మీరే, అర్థం చెప్పేది మీరే, తీర్పిచ్చేదీ మీరేనా?"

"అవునండి," అన్నాడు. హేళన లేదు ఆ గొంతులో. "మేం మిమ్మల్ని అనుమానించలేదండి. మీరు రాసిన ప్రతి మాటా నమ్మాం."

నా స్నేహితుడు అప్పటిదాకా గ్లాసు పట్టుకుని నేల చూస్తున్నాడు. "అయ్యా, ఆ ఉత్తరం వెనక్కి ఇచ్చేస్తే మళ్లీ రెండు లైన్లు రాసుకొస్తాం," అన్నాడు. ఆ అధికారి నా వైపు చూసి తల దించుకున్నాడు. నేను ఎన్నో వేదికల మీద అరుపులు, చెప్పులు, రాళ్లు ఎదుర్కొన్నాను. ఆ ఒక్క వాక్యం వినగానే కాగితాలు సంచిలో సర్దుకుని లేచాను.

ఒంగోలులో వకీలు ఒకప్పటి నా విద్యార్థి. కాగితాలన్నీ చదివాడు. "మేస్టారూ, ఇందులో తప్పు ఒక్కటీ లేదు. అందుకే చెయ్యడానికేం లేదు. వినియోగదారుల కోర్టులో వేశామనుకోండి, అవతలివాళ్లు ముందు మీ ఉత్తరమే చూపిస్తారు. తెల్ల బోర్డు బండికి బాడుగ పర్మిట్టు ఏదని అడుగుతారు. రవాణా ఆఫీసువాళ్లు వింటే ఫైను మీకే, యజమాని మీరు గదా." ఫీజు తీసుకోలేదు. గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. నేను అతనికి తొమ్మిదో తరగతిలో నేర్పిందల్లా ఆధారం లేనిదే దేన్నీ ఒప్పుకోవద్దని. ఆధారాలన్నీ నేనే పోగుచేసి శత్రువుకు అప్పగించి వస్తే అతను ఏం చేస్తాడు?

నిజం దానంతటదే గెలుస్తుందని సభల్లో చెప్పేవాణ్ని. గెలవదు. ఎవరి టేబులు మీద పడితే వాళ్లకు పనికొస్తుంది. ఇది చెప్పుకున్నంత మాత్రాన నాకు ఉపశమనం లేదు. రేపు ఎవరైనా అడిగితే 'సొంతానికి' అని రాయగలనా? రాయలేననే అనుకుంటున్నాను. అలా అనుకోవడం నాకు తేలిక. నాకు పెన్షను వస్తుంది.

బండి సర్వీసు సెంటరు గోడ పక్కన నాలుగు నెలలు ఎండింది. కోతలు అయిపోయాయి. ఆ మిగిలిన కోతలకు ఆడవాళ్లు సామాన్లు మోసే ట్రాలీ ఆటోలో వెళ్లారు. ఒక పొద్దున రోడ్డు మీద ఎదురైంది. వెనక కడ్డీలు పట్టుకుని పదమూడు మంది నిలబడి ఉన్నారు. లెక్కపెట్టే అలవాటు నాకు పోలేదు. మలుపు దగ్గర ఆటో నెమ్మదించినప్పుడు పెద్దావిడ నన్ను చూసి వంగింది.

"మేస్టారూ, మా వేలిముద్రలు సరిగ్గా పళ్లేదా? మళ్లీ వెయ్యమంటే వేస్తాం."

"సరిగ్గానే పడ్డాయమ్మా," అన్నాను. ఆటో వెళ్లిపోయింది.

పాత బండ్లు కొని విప్పి అమ్ముకునే వ్యాపారి ఒకాయన వచ్చాడు. అతనిచ్చింది ఫైనాన్సు బాకీకి సరిపోయింది. నా స్నేహితుడు చీమకుర్తిలో గ్రానైటు రాళ్లు మోసే టిప్పరు లారీకి డ్రైవరుగా కుదిరాడు. ఆ వయసులో, క్వారీ దుమ్ములో, పగలంతా క్లచ్చు తొక్కుతూ. వెళ్లేముందు బండి బదిలీ ఫారాలు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. యజమానిని నేను గదా.

కళ్లజోడు పెట్టుకుని ఫారం మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టాను. పేరు, చిరునామా, బండి అమ్మడానికి కారణం అన్న ఖాళీలు ఉన్నాయి. పెన్ను తీశాను.

"ఏం రాయకురా," అన్నాడు.

"ఖాళీలున్నాయి."

"ఉండనీ. ఆ వ్యాపారి నింపుకుంటాడు. నువ్వు సంతకం ఒక్కటి పెట్టు."

కోపం లేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది, వాదించేవాణ్ని. కింద రెండు చోట్ల సంతకం పెట్టాను. అలవాటు కొద్దీ పక్కన తేదీ వేయబోయాను. చెయ్యి చాపి కాగితం లాగేసుకున్నాడు.